వాలు ఎండలో పన్నెండు రోజులు

మిట్టమధ్యాహ్నం. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఆర్వీ, అంటే ఇల్లులా సర్దుకున్న మా బండి, పైకప్పు మీద 200 వాట్ల సోలార్ ప్యానెళ్ళు రెండూ వెల్లకిలా పరుచుకుని ఉన్నాయి. లోపల, ప్యానెళ్ళ కరెంటుని బ్యాటరీకి పంపే చార్జ్ కంట్రోలర్ మాత్రం 13 ఆంప్స్ దాటడం లేదు. నాన్న ఒక పక్క, నేను ఒక పక్క పట్టుకుని రెంటినీ దక్షిణం వైపు 45 డిగ్రీలు వాల్చి కాళ్ళు బిగించాం. కిందికి దిగొచ్చి చూస్తే 24 ఆంప్స్! లెక్క ముందే వేసుకున్నాను, ఇంచుమించు అంతే వస్తుందని తెలుసు. అయినా ఆ అంకె కళ్ళారా చూసేసరికి నాన్న చెయ్యి పట్టుకుని ఊపేశాను.

డిసెంబరు చివర్లో, 35 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర, కరెంటు ప్లగ్గు అన్న మాటే లేని ఎడారి మైదానాల్లో పన్నెండు రోజులు ఉండాలని బయల్దేరాం. ఆ రోజుల్లో ఆ అక్షాంశంలో సూర్యుడు నడినెత్తికి రాడు. మిట్టమధ్యాహ్నం కూడా దిగంతం నుంచి 31.5 డిగ్రీల ఎత్తే. పడుకోబెట్టిన ప్యానెల్‌కి నేరుగా పడే ఎండలో సగానికి కాస్త ఎక్కువ, 52 శాతమే అందుతుంది. ఫ్రిజ్, హీటర్ ఫ్యాను, నా లాప్‌టాప్ నడవాలంటే అది చాలదు. అందుకే బయల్దేరడానికి నెల ముందు నుంచీ ప్యానెళ్ళని వాల్చే స్టాండు మీద కూర్చున్నాం.

నాన్న జీవితమంతా ఇనుముతో పనిచేసిన ఫిట్టర్. నేను కాగితం మీద కోణాలు గీస్తుంటే ఆయన స్టాండుకి వాడే అల్యూమినియం యాంగిల్ (ఎల్ ఆకారపు పట్టీ) ముక్కని చేత్తో వంచి చూసేవాడు. నా మొదటి బొమ్మలో వాలు 58 డిగ్రీలు, ఎందుకంటే ఎండ సరిగ్గా నిటారుగా తగిలేది అప్పుడే. నాన్న చూసి ఒకటే అడిగాడు: "దానివల్ల ఎంత ఎక్కువొస్తుందమ్మా?" లెక్కేశాను. 45 డిగ్రీల దగ్గరే 97 శాతం వచ్చేస్తోంది. మిగతా మూడు శాతం కోసం ప్యానెల్ పై అంచుని 47 సెంటీమీటర్ల నుంచి 57కి ఎత్తాలి. అంటే గాలికి అంత ఎక్కువ ఎదురు నిలబడాలి. 45 దగ్గర ఆగిపోయాం. ఇప్పటికీ ఆ ప్రశ్నే నాకు ఈ మొత్తం డిజైన్‌కి పునాది అనిపిస్తుంది.

ప్యానెల్ వెడల్పు 67 సెంటీమీటర్లు. దాని రెండు పొడవాటి అంచుల కిందా ఒకేలాంటి బ్రాకెట్లు బిగించాం. ఒక వైపు బోల్టులు తీస్తే రెండో వైపువి తలుపు బందుల్లా పనిచేస్తాయి. ఎత్తిన అంచుకి రెండు చివరలా ఒక్కో కాలు తగిలించి, ఆ కాలి అడుగుని ఖాళీ అయిన బ్రాకెట్‌లోనే పెడితే రెండు భుజాలు సమానంగా ఉన్న త్రిభుజం వస్తుంది. 45 డిగ్రీలకి కాలు 51 సెంటీమీటర్లు, 30 డిగ్రీలకి 35. పైకప్పుకి కొత్తగా ఒక్క రంధ్రం కూడా అక్కర్లేదు, కాళ్ళు తీసేస్తే ప్యానెల్ మళ్ళీ చదునుగా పడుకుంటుంది. పైగా ఎడమకి కావాలంటే ఎడమకి, కుడికి కావాలంటే కుడికి వాల్చుకోవచ్చు.

బ్రాకెట్లు పెట్టిన రోజు నాకు బాగా గుర్తు. ఆర్వీ పైకప్పు పైకి గట్టిగా కనిపిస్తుంది కానీ పైరేకు పలచన, బలమంతా లోపలి దూలాలదే. స్క్రూ దూలంలోకి దిగకపోతే గాలి ఒక్క లాగు లాగితే ఊడొస్తుంది. నాన్న పిడికిలితో తడుతూ, చప్పుడు బోలుగా ఉన్నచోట ఒక గీత, గట్టిగా ఉన్నచోట ఒక గీత పెట్టుకుంటూ పోయాడు. ప్రతి బ్రాకెట్ కిందా బ్యూటైల్ టేప్ పరిచి స్క్రూ బిగిస్తుంటే, ఆ నల్లటి జిగురు నాలుగు అంచుల వెంటా సన్నని తీగలా బయటికి పొంగింది. ఎక్కడ పొంగలేదో అక్కడ విప్పి మళ్ళీ వేశాం. పైన సీలెంట్ పూత. పన్నెండు రోజుల్లో రెండుసార్లు వాన పడింది, లోపల ఒక్క చుక్క కారలేదు.

మొదటి మజిలీలోనే ఒక సంగతి తెలిసింది. మా ప్యానెళ్ళు బండి పొడవునా ఒకదాని వెనక ఒకటి ఉన్నాయి, పక్కలకే వాలతాయి. అంటే బండి తూర్పు పడమరలుగా నిలబడాలి. మేమేమో కొండలు అద్దంలోంచి బాగా కనిపిస్తాయని ముక్కు దక్షిణానికి పెట్టి ఆపాం. మళ్ళీ స్టార్ట్ చేసి, తిప్పి, టైర్ల కింద దిమ్మలు వేసి మట్టం చూసుకునేసరికి గంట పట్టింది. ఆ తర్వాత ఎక్కడ ఆగినా నేను ముందు దిగి ఫోన్‌లో దిక్సూచి చూశాకే నాన్న ఇంజన్ ఆపేవాడు.

ఏసీ సంగతి అంతకన్నా సున్నితం. అది పైకప్పు మీద 30 సెంటీమీటర్లు లేచి ఉంటుంది, మా వెనక ప్యానెల్‌కి అవతల. సూర్యుడు 15 డిగ్రీలకి దిగితే దాని నీడ 110 సెంటీమీటర్లు సాగుతుంది. అరచేతంత నీడ ఒక మూల పడినా పోయేది అరచేతంత కరెంటు కాదు. ప్యానెల్‌లోని సెల్స్ అన్నీ ఒకే తీగ మీద పూసల్లా వరసగా ఉంటాయి కాబట్టి నీడపడ్డ సెల్ తనతో పాటు ఆ వరసనంతా కిందికి లాగుతుంది. ముక్కు తూర్పుకి పెడితే ఆ నీడ సాయంత్రం పడుతుంది, పడమరకి పెడితే పొద్దున. రాత్రంతా హీటర్ ఫ్యాను తిరిగి బ్యాటరీ బాగా దిగిపోయేది తెల్లారేసరికే. అందుకని పొద్దుటి ఎండని వదులుకోలేదు, ఎప్పుడూ ముక్కు తూర్పుకే.

నాలుగో రోజు రాత్రి రెండు గంటలకి గాలి లేచింది.

సాయంత్రం ఆకు కదల్లేదు, రేపు పొద్దున్నే ఎండ పట్టుకోవచ్చని ప్యానెళ్ళు దించకుండానే పడుకున్నాం. మెలకువ వచ్చేసరికి బండి ఊగుతోంది, నెత్తిమీద ఏదో కొట్టుకుంటోంది. గాలి ఉత్తరం నుంచి. ప్యానెళ్ళ ముఖం దక్షిణానికి కదా, ఉత్తరపు గాలి వాటి వెనక దూరి పైకి లేపుతుంది. ఎదురుగాలి అయితే ప్యానెల్‌ని కిందికే నొక్కుతుంది, బ్రాకెట్లు తట్టుకుంటాయి. వెనక గాలి స్క్రూలని పీకుతుంది. గంటకి 60 కిలోమీటర్ల గాలి చదరపు మీటరు మీద సుమారు 17 కిలోల బరువుతో తోస్తుంది, 90 అయితే 39 కిలోలు. మా ఒక్కో ప్యానెల్ ఇంచుమించు చదరపు మీటరు.

నుదుటికి లైటు కట్టుకుని ఇద్దరం పైకెక్కాం. నిలబడే ధైర్యం లేదు, మోకాళ్ళ మీదే. నాన్న తన ఛాతీని ప్యానెల్ అంచుకి ఆనించి నొక్కి పట్టుకున్నాడు. నేను స్పానర్‌తో కాళ్ళ నట్లు విప్పాలి. నైలాన్ ఉన్న నట్లు అవి, కుదుపులకి వదులు కాకూడదని మేమే ఏరి కోరి వేసుకున్నవి. చివరి దాకా స్పానర్‌తోనే తిప్పాలి, వేళ్ళతో రావు. చలికి వేళ్ళు కొయ్యబారిపోయాయి. మూడో నట్టు చేతిలోంచి జారి పైకప్పు మీద దొర్లుకుంటూ వెళ్ళి చీకట్లో పడిపోయింది. "పోనీలే, నువ్వు తొందరపడకు" అన్నాడు నాన్న, గాలిలో సగం మాటే వినబడింది. రెండు ప్యానెళ్ళూ దించేసరికి 25 నిమిషాలు. దిగాక టీ పెట్టుకునే ఓపిక కూడా లేదు, ఇద్దరికీ చేతులు వణుకుతూనే ఉన్నాయి.

తెల్లారాక ఎక్కి చూస్తే బ్రాకెట్లు ఒక్కటీ కదల్లేదు. వైరు మాత్రం యాంగిల్ అంచుకి రాసుకుని, పై తొడుగు మీద గోరంత మెరుగు తేలింది. ఇంకో రాత్రయితే రాగి బయటపడేది. వాల్చినప్పుడు లాగకుండా ఉండాలని వైరు వదులుగా వదిలాం, కానీ ఆ వదులు ఎక్కడ ఊగుతుందో చూసుకోలేదు. యాంగిల్ అంచుని ఆకురాయితో గుండ్రంగా చేసి, చీల్చిన రబ్బరు గొట్టం తొడిగి, వైరుని బందు ఉన్న వైపే కట్టేశాం.

ఆ రోజు ప్రయాణం మానేసి బండి నీడలో కూర్చుని స్టాండుని మళ్ళీ ఆలోచించాం. ఇన్నాళ్ళూ మా బుర్రంతా ఎత్తడం మీదే ఉంది. రాత్రి మాకు కావలసింది దించడం. చీకట్లో, చలిలో, గ్లవ్స్ వేసుకున్న చేతులతో, పనిముట్టు లేకుండా. నాన్న తన పెట్టె అడుగు నుంచి రింగు ఉన్న స్టీలు పిన్నుల సంచి తీశాడు, ట్రైలర్ తగిలించే చోట వాడే రకం. నట్లున్న రంధ్రాలని పిన్ను సైజుకి కాస్త పెద్దవి చేశాం. ప్రతి పిన్నునీ ఒక సన్నని స్టీలు తాడుతో దాని బ్రాకెట్‌కే కట్టాం, చెయ్యి జారినా అక్కడే వేలాడుతుంది. పిన్నుకి కొద్దిగా ఆడే సందు ఉంటుంది, కుదుపులకి గలగలమంటుంది. అందుకని పలచని రబ్బరు వాషర్లు కోసి మధ్యలో పెట్టాం. సాయంత్రం నేను గడియారం పెట్టుకుని దించి చూశాను. రెండూ కలిపి నాలుగు నిమిషాలు. నాన్న మళ్ళీ చెయ్యమన్నాడు, ఈసారి కళ్ళు మూసుకుని. ఆరు నిమిషాలు.

ఒక భయం మిగిలింది, ప్యానెళ్ళు లేచి ఉండగానే మరిచిపోయి బండి కదిలిస్తే? గంటకి 100 కిలోమీటర్ల వేగంలో గాలికి ఎదురైన చదరపు మీటరు మీద 48 కిలోల తోపు. ఒక ప్యానెల్ ఊడి వెనక వచ్చే కారు మీద పడితే అన్న ఊహే నిద్ర పట్టనివ్వలేదు. కాళ్ళు పెట్టుకునే గుడ్డ సంచిని స్టీరింగ్‌కి కట్టాం. కాళ్ళు నాలుగూ సంచిలో ఉన్నట్టు లెక్కపెట్టి దాన్ని విప్పాకే స్టార్టింగ్. మిగిలిన రోజుల్లో ఒక్కసారి కూడా తప్పలేదు.

తొమ్మిదో రోజు ఒక లోయలో దిగాం. ఎర్రటి రాళ్ళు, రాత్రి పాలపుంత చేతికి అందేలా. అక్కడ రెండుసార్లు సాయంత్రం గాలి మారింది, రెండుసార్లూ తాపీగా పైకెక్కి దించేసి వచ్చి పుస్తకం చదువుకున్నాం.

పదకొండో రోజు పొద్దున లేచేసరికి ఆకాశమంతా ఒకే బూడిద రంగు. అలవాటుగా నిచ్చెన అందుకోబోయాను. దట్టమైన మబ్బు పట్టినప్పుడు వెలుతురు ఒక దిక్కు నుంచి రాదు, ఆకాశం మొత్తం నుంచి వస్తుంది. 45 డిగ్రీలు వాలిన ప్యానెల్ పావు వంతు ఆకాశానికి వీపు చూపిస్తుంది, పడుకున్నదే నయం. నాన్న కిటికీలోంచి పైకి చూసి, "ఇవాళ వాటిని పడుకోనీ అమ్మా" అన్నాడు. సంచి స్టీరింగ్‌కి కట్టే ఉంది. అందులో కాళ్ళు నాలుగూ లెక్కపెట్టుకుని విప్పి పక్కన పెట్టాను. వాన మొదలయ్యేలోపు ఘాట్ దాటాలని బయల్దేరాం.