పగిలిన బీడు (పోత ఇనుము) ముక్క మీద మామూలు వెల్డింగు రాడ్డు పెట్టించకండి

చెరకు గానుగలు ఆడే కాలం వచ్చిందంటే అనకాపల్లి, చోడవరం, మాడుగుల వైపు నుంచి మా షాపుకి విరిగిన కాస్టింగులు రావడం మొదలవుతుంది. గానుగ పక్క ఫ్రేములు, ట్రాక్టర్ ట్రంపెట్ హౌసింగులు (వెనక ఇరుసు మీది గొట్టంలాంటి తొడుగులు), ఆయిల్ ఇంజను బ్లాకులు, పంపు కేసింగులు. గాజువాక ఆటోనగర్‌లో వెల్డింగు, లేత్ పని చేసే షాపులకు కొదవ లేదు. వాటిలో మాదీ ఒకటి. ఇది రైతుల కోసమూ, ఊళ్ళలో వెల్డింగు షాపు నడుపుతున్న కుర్రాళ్ళ కోసమూ రాస్తున్నాను.

నేను బతిమాలి అడిగేది ఒక్కటే. బీడు భాగం పగిలితే దాని మీద ఇనుప గేటుకి వాడే మామూలు రాడ్డు పెట్టించకండి. పగులు ఎలా ఉన్నది అలాగే తీసుకొస్తే బాగుచెయ్యడానికి నాలుగైదు దారులుంటాయి. ముందే ఒకసారి తప్పు రాడ్డుతో అతికి తెస్తే ఆ దారుల్లో చాలావరకు మూసుకుపోతాయి.

మామూలు ఇనుములో కార్బన్ పావు శాతం కూడా ఉండదు. బీడులో రెండున్నర నుంచి నాలుగు శాతం దాకా ఉంటుంది. అందులో ఎక్కువ భాగం గ్రాఫైటు రేకులుగా లోహమంతా పరుచుకుని ఉంటుంది. అందుకే బీడు నొక్కుడుకి బాగా ఆగుతుంది, లాగుడుకి ఆగదు. సాగడం దానికి తెలీదు. మామూలు రాడ్డుతో ఆర్క్ కొట్టగానే ఆ కార్బన్ కరిగి అతుకులో కలుస్తుంది. చుట్టూ ఉన్న చల్లటి కాస్టింగు ఆ వేడిని ఒక్కసారిగా లాగేసుకుంటుంది. దాంతో అతుకు అంచున గాజులాంటి గట్టి పొర ఏర్పడుతుంది. దాని మీద ఆకురాయి జారిపోతుంది, డ్రిల్లు బిట్టు మొన పోతుంది. పైగా అతుకు చల్లారేటప్పుడు కుంచించుకుంటూ పక్కనున్న బీడును లాగుతుంది. కాసేపటికి 'టిక్' అని చిన్న చప్పుడు వినిపిస్తుంది. అతుకు బాగానే ఉంటుంది, దాని పక్కనే కొత్త పగులు కనిపిస్తుంది. అలాంటి ముక్క మా దగ్గరికి వస్తే ముందు ఆ గట్టి పొరంతా గ్రైండ్ చేసి తీసెయ్యాలి. దానితోపాటు మంచి లోహమూ కొంత పోతుంది.

అది బీడో కాదో తెలుసుకోవడానికి పెద్ద పరికరాలేం అక్కర్లేదు. విరిగిన ముఖం చూడండి. బెల్లం దిమ్మ పగలగొట్టినట్టు గరుకుగా, బూడిద రంగులో ఉంటుంది. వేలితో రాస్తే నల్లగా అంటుతుంది, అది గ్రాఫైటే. ఒక మూల ఉలితో చెక్కితే ఉక్కు చుట్టలా లేస్తుంది, బీడు పొడిపొడిగా రాలుతుంది. గ్రైండర్ పెడితే బీడు నిప్పురవ్వలు ఎర్రగా, పొట్టిగా ఉంటాయి. ఉక్కు రవ్వలు పొడుగ్గా, ప్రకాశంగా ఎగురుతాయి. ట్రాక్టర్ భాగాల్లో పోత ఉక్కు, సాగే రకం బీడు కూడా ఉంటాయి కాబట్టి ఈ పరీక్షలు చెయ్యకుండా నేను రాడ్డు చేతిలోకి తీసుకోను.

నాకు పని నేర్పిన గురువు గారు ఓడల రిపేర్లలో పనిచేసి వచ్చినవారు. ఏ ముక్క తెచ్చినా ఆయన మొదటి ప్రశ్న 'ఎలా అతకాలి' అని కాదు, 'ఎందుకు పగిలింది' అని. ట్రంపెట్ హౌసింగు ఊరికే పగలదు. బోల్టులు వదులైపోయి, ఆ వదులు మీదే చెరకు ట్రాలీ లాగితే పగులుతుంది. ఆ బోల్టుల సంగతి చూడకుండా అతికితే మళ్ళీ అక్కడే విరుగుతుంది. మన దగ్గర ఇంజను బ్లాకు పగలడానికి నేను ఎక్కువగా చూసిన కారణం చన్నీళ్ళు. రేడియేటర్ మరిగిపోతుంటే కంగారులో కాలవ నీళ్ళు తెచ్చి గుమ్మరిస్తారు. ఎర్రటి ఎండలో కాగిన బ్లాకు ఆ తాకిడికి వాటర్ జాకెట్ (బ్లాకు లోపల చల్లబరిచే నీళ్ళు తిరిగే గూడు) దగ్గర నెర్రె విడుస్తుంది. బండి ఆపి, చల్లారనిచ్చి, ఆ తర్వాతే మెల్లగా నీళ్ళు పొయ్యండి. కాసేపు పని ఆగిపోయినా ఫరవాలేదు.

పోయిన సీజనులో మాడుగుల వైపు నుంచి ఒక పెద్దాయన గానుగ పక్క ఫ్రేము తెచ్చాడు. చెరకుతో పాటు ఒక ఇనుప బోల్టు రోలర్ల మధ్యకి పోయి, ఫ్రేము ఒక కాలు బేరింగు గూడు పక్కనే విరిగింది. ఊళ్ళో ఎవరి చేతా ముట్టించకుండా, గోనెసంచిలో చుట్టి తెచ్చాడు. ఆయన టెన్షన్ నాకు అర్థమైంది. కోసిన చెరకు ఎండలో పడుంటే రసం పాడవుతుంది, బెల్లం సరిగ్గా గడ్డకట్టదు.

"సాయంత్రానికి అయిపోద్దా బాబూ?"

"అవదు మావయ్యా. ఇవాళ అతికినా రేపు పొద్దున్న దాకా బూడిదలోంచి తియ్యను."

"డబ్బులు ఎక్కువైనా ఇత్తాను."

"డబ్బులు కాదు మావయ్యా. తొందరపడితే ఈ అతుకు నిలవదు."

ఆయన షాపు ముందు బల్ల మీద కూర్చుని పనంతా చూశాడు. ముందు కిరోసిన్ రాసి, తుడిచి, సుద్దపొడి చల్లాను. పగుల్లోకి పోయిన కిరోసిన్ మెల్లగా పైకి ఊరి, సుద్ద మీద తడి గీత గీస్తుంది. కంటికి కనపడే పగులు కంటే ఆ గీత ఎప్పుడూ పొడుగే ఉంటుంది. ఒక పక్క కాలు పూర్తిగా విరిగింది, దాని పైన మరో సన్న నెర్రె పాకి ఉంది. ఆ నెర్రె చివర దాటి ఒక చిన్న రంధ్రం వేశాను. పగులు మొన ఆ గుండ్రటి రంధ్రంలో పడితే ముందుకు పాకదు. తర్వాత గ్యాసు మంటతో వేడిచేసి లోపల ఇంకిన నూనె కాల్చేశాను. ఏళ్ళ తరబడి గ్రీజు తాగిన బీడు అది, పొగ మానేదాకా ఆగాల్సిందే. లేకపోతే అతుకులో బుడగలు లేస్తాయి.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. ఆ ఫ్రేము కిటికీ చట్రంలా నాలుగు పక్కలా మూసి ఉంటుంది. విరిగిన కాలినే వేడిచేసి అతికితే, చల్లారేటప్పుడు అది పొట్టిదవ్వాలని చూస్తుంది. ఎదురు కాలు పొట్టిదవ్వదు. ఆ లాగుడులో అతుకైనా తెగాలి, పక్కనున్న బీడైనా తెగాలి. అందుకని ఎదురు కాలిని కూడా వేడిచెయ్యాలి. అది పొడుగు సాగుతుంటే పగులు నోరు తెరుచుకోవడం కంటికి కనిపిస్తుంది. అప్పుడు అతికి, మొత్తం ఒక్కసారే చల్లారనిస్తే రెండు కాళ్ళూ కలిసి కుంచించుకుంటాయి. పెద్దాయనకి ఇది చెబితే వెంటనే పట్టుకున్నాడు. "ఓహో, రెండెడ్లూ ఒకలాగే నడవాల" అన్నాడు.

వేడి ఎంత ఉందో చూడటానికి లేజర్ థర్మామీటర్ ఉంది. అయినా గురువు గారి పద్ధతి నేను వదల్లేదు. ఫ్రేము మీద సోల్డరు తీగ (వైర్లు అతికే తగరం, సీసం కలిపిన తీగ) ఆనిస్తే కరగాలి, సీసం ముక్క పెడితే కరగకూడదు. సోల్డరు దాదాపు 190 డిగ్రీల దగ్గర కరుగుతుంది, సీసం 327 దగ్గర. ఆ రెంటి మధ్య ఉంటే నా పనికి సరిపోతుంది. సగం నికెల్, సగం ఇనుము ఉండే రాడ్డు వాడాను. నికెల్ కార్బన్‌తో కలిసి గట్టి పొర కట్టదు, కొంచెం సాగుతుంది కూడా. రాడ్డు ఖరీదే, కానీ దానికి బదులు ఇంకోటి వాడమంటే నేను వాడను. అంగుళం పొడవు అతుకు వేసి, అది ఎర్రగా ఉండగానే గుండు సుత్తితో చిన్నచిన్నగా దెబ్బలు వెయ్యాలి. ఆ దెబ్బలకి లోహం పరుచుకుని కుంచించుకునే లాగుడు తగ్గుతుంది. అతుకు పూర్తయ్యాక ఫ్రేమును ఊక బూడిద నింపిన డ్రమ్ములో పూడ్చిపెట్టాం. ఊక బూడిద వేడిని ఎంత బాగా పట్టి ఉంచుతుందో, అది మన ఊళ్ళలో ఎంత తేలిగ్గా దొరుకుతుందో తెలిసి కూడా చాలామంది వాడరు. మర్నాడు తీసేటప్పటికి ఇంకా గోరువెచ్చగా ఉంది. బేరింగు గూడు లేత్ మీద సరిచేసి పంపించాం.

వేడిచెయ్యడానికి వీల్లేని పెద్ద కాస్టింగు అయితే పద్ధతి పూర్తిగా వేరు. అసలు వేడెక్కనివ్వకూడదు. ఒక చిన్న అతుకు, సుత్తి దెబ్బలు, చెయ్యి ఆనించగలిగే దాకా ఆగడం, తర్వాత ఇంకో చోట ఇంకో అతుకు. సన్న రాడ్డు, తక్కువ కరెంటు. పూర్తిగా వేడి చెయ్యి, లేదా పూర్తిగా చల్లగా ఉంచు. మధ్యలో ఒక చోట మాత్రమే బాగా కాగనిస్తే ఆ ముక్క చేజారినట్టే.

పంపు కేసింగులకి, బ్రాకెట్లకి ఇత్తడి రాడ్డుతో గ్యాసు అతుకు నాకు చాలా ఇష్టం. బీడు కరగదు, ఇత్తడి మాత్రమే కరిగి పట్టుకుంటుంది. సైలెన్సర్ మానిఫోల్డుకి (ఇంజను వేడి పొగ బయటికొచ్చే గొట్టానికి) మాత్రం అది పనికిరాదు, ఆ వేడికి ఇత్తడి మెత్తబడిపోతుంది.

ఇంజను బ్లాకు వాటర్ జాకెట్ పగిలితే నా సలహా మెటల్ స్టిచింగ్. మంట లేదు, ఆర్క్ లేదు. పగులుకి అడ్డంగా వరసగా రంధ్రాలు వేసి, వాటిలో నికెల్ మిశ్రమం తాళాలు కొట్టి బిగిస్తారు. పగులు పొడవునా మరలున్న ప్లగ్గులు ఒకదాని మీదకి ఒకటి ఎక్కేలా తిప్పి మూసేస్తారు. 1930ల్లో అమెరికాలోని టెక్సాస్ చమురు బావుల దగ్గర, మంట వెలిగించడమే ప్రమాదమైన చోట ఈ పని పెరిగింది. తర్వాత ఓడల ఇంజన్లకు వచ్చింది. రేవు ఉన్న ఊరు కాబట్టి విశాఖలో ఈ పని తెలిసిన చేతులున్నాయి. ట్రాక్టర్ బ్లాకుకి కూడా ఇది చెయ్యొచ్చని మన రైతుల్లో చాలామందికి ఎవరూ చెప్పలేదు. అందుకే బ్లాకులు పాత ఇనుము ధరకి పోతున్నాయి. నాకు బాధ కలిగించేది అదే.

కొన్ని పనులు ఎంత అడిగినా నేను చెయ్యను. పగిలిన ఫ్లైవీలు, చాఫ్ కట్టర్ చక్రం, థ్రెషర్ పుల్లీ, బ్రేకు డ్రమ్ము, స్టీరింగు భాగాలు. వేగంగా తిరిగే చక్రం విడిపోతే ముక్క ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. పక్కన నిలబడి గడ్డి అందించేది చాలాసార్లు ఇంట్లో ఆడవాళ్ళో, పిల్లలో. అవి కొత్తవే కొనుక్కోండి.

తీసుకొచ్చేవాళ్ళు ఇవి గుర్తుపెట్టుకోండి. ఎంత చిన్న ముక్కైనా పారెయ్యకండి, అన్నీ ఏరి తెండి. విరిగిన అంచులు ఆకురాయితో నునుపు చెయ్యకండి, ఆ గరుకు అంచులే ముక్కల్ని సరిగ్గా కూర్చోబెట్టేది. ఎపాక్సీ ముద్దలు పెట్టకండి. తీగతో వదులుగా కట్టి, సంచిలో చుట్టండి. యంత్రం నుంచి ఆ భాగం విప్పకముందే ఫోన్‌లో నాలుగు వైపులా ఫోటోలు తియ్యండి. బేరింగు గూడు అయితే షాఫ్టు కూడా వెంట తెండి, దాన్ని పెట్టి చూసుకునే గూడు బోరు చెయ్యాలి. తిరిగి బిగించాక గంట నడిపి, ఆపి, అన్ని బోల్టులూ మళ్ళీ ఒకసారి బిగించండి. ట్రంపెట్ హౌసింగుకైతే ట్రాలీ తగిలించే ముందే ఈ పని చెయ్యండి.