175 గ్రాములు

“ఆ ప్లేటు ఇసిరే ఆటకు మద్రాసు దాకా పోవాల్నా?” అని నాన్న అడిగాడు. డిసెంబరు సెలవులకు తిరుపతి వచ్చి రెండో రోజు. బైరాగిపట్టెడలో మా ఇంట్లో సూట్‌కేసులు ఇంకా పూర్తిగా సర్దలేదు కూడా, మా పాప మాత్రం తన బ్యాగులోంచి మొట్టమొదట ఆ తెల్ల డిస్కు, ఫ్రిస్బీ అంటారే అది, బయటికి తీసింది. పదిహేడేళ్ళ పిల్ల, స్టుట్‌గార్ట్‌లో నాలుగేళ్ళుగా ఆడుతోంది. చెన్నై బీచ్‌లో రెండు రోజుల అంతర్జాతీయ టోర్నమెంట్ ఉందని తనే వెతుక్కుని, తనే పేరిచ్చేసి, అంతా అయ్యాక “పద్దెనిమిది నిండలేదంట, నీ సంతకం కావాలి” అని నా ముందు ఫోన్ పెట్టింది.

నాన్న ఆర్టీసీ కండక్టరుగా రిటైరైన మనిషి, చేతికి ఏదొచ్చినా లెక్క చూడకుండా వదలడు. డిస్కును అరచేతిలో ఊపి చూసి బరువెంత అన్నాడు. 175 గ్రాములు అంది పాప. “మన చిన్న లడ్డు బరువే కదా!” అన్నాడు. కొండమీద అందరికీ ఇచ్చే లడ్డు 175 గ్రాములుండాలన్నది మా ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలిసిన లెక్క, ఆ లడ్డు చిన్నదైపోయిందని ఒక్కసారైనా సణగని ఇల్లు కూడా ఉండదు. నేను నాలుగేళ్ళుగా ఫోన్లో చెప్పినా ఆయన తలకెక్కని ఆట ఆ ఒక్క మాటతో ఇంట్లోకి వచ్చేసింది.

తెలియని వాళ్ళకు రెండు ముక్కలు చెప్తాను. దీని పేరు అల్టిమేట్. 1968లో అమెరికాలో, న్యూజెర్సీలోని ఒక హైస్కూలు పిల్లలు మొదలుపెట్టారు. (“నేను పీయూసీ తప్పిన సంవత్సరం” అన్నాడు నాన్న.) గడ్డి మీదైతే జట్టుకు ఏడుగురు, ఇసుకలో ఐదుగురు. డిస్కు చేతికొచ్చాక పరిగెత్తకూడదు, ఒక కాలు కదపకుండా నిలబడి, ఎదురుగా ఉన్నవాడు పది లెక్కపెట్టేలోపు ఇంకొకరికి విసిరెయ్యాలి, కింద పడిందా అవతలి జట్టుది. అవతలి కొసన గోల్ గీత దాటి పట్టుకుంటే పాయింటు. అంతా విని నాన్న అడగాల్సిందే అడిగాడు. “అంపైరు ఎవురు?”

ఎవరూ లేరు. ప్రపంచ పోటీల్లో కూడా తీర్పు ఆటగాళ్ళదే. ఫౌల్ అయితే దెబ్బ తగిలినవాళ్ళే గట్టిగా చెప్పాలి, తగిలించినవాళ్ళు ఒప్పుకోవాలి, లేదు అంటే ఇద్దరూ నిలబడి మాట్లాడుకోవాలి, అప్పటికీ తేలకపోతే డిస్కు విసిరినవాళ్ళ చేతికి తిరిగి వెళ్తుంది. నాన్న పడీపడీ నవ్వాడు. తమ్ముడైతే “ఇది మన ఈదిలో పెడితే మొదటి పాయింటుకే పోలీస్ స్టేషన్‌కు పోవాల” అన్నాడు.

నేను మాత్రం నవ్వలేదు, ఎందుకంటే ఈ పిల్లను నేను పెంచిందంతా ఒక్క మాట మీద. గమ్మునుండు. చిత్తూరు వైపు వాళ్ళకు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు, మిగతా వాళ్ళకు ‘ఊరుకో’ అని చెప్పినా సగం అర్థమే అందుతుంది. పెద్దోళ్ళు మాట్లాడేటప్పుడు గమ్మునుండు. కింది ఇంటి ముసలాయన మెట్ల మీద చెప్పులున్నాయని అరిస్తే, ఆ చెప్పులు మనవి కాకపోయినా సరే, గమ్మునుండు, మనం వేరే దేశం నుంచి వచ్చినవాళ్ళం, మనకెందుకు. ఐదో తరగతిలో టీచరు నన్ను పిలిపించి, మీ అమ్మాయి పరీక్షలు బాగా రాస్తుంది కానీ క్లాసులో చెయ్యెత్తదు, అందుకే గ్రేడు తగ్గింది అని చెప్పింది. జర్మనీలో క్లాసులో మాట్లాడినందుకు కూడా మార్కులుంటాయి, కొన్ని సబ్జెక్టుల్లో దాదాపు సగం అవే. నేను ఇంటికొచ్చి మా ఆయనతో, చూశారా మన పాప ఎంత బుద్ధిమంతురాలో అని గొప్పగా చెప్పుకున్నాను. ఆమె చెప్పింది మెచ్చుకోలు కాదని బుర్రకెక్కడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఇక్కడికి వస్తే చుట్టాలు “జర్మనీలో పెరిగినా ఎంత అణుకువో” అంటారు, దాంతో మనం చేస్తున్నదే కరెక్టు అనిపిస్తుంది కదా మరి.

పొద్దున్నే ఎస్వీ యూనివర్సిటీ గ్రౌండ్‌కు తీసుకుపోయేదాన్ని. అవతల శేషాచలం మీద మంచు ఇంకా విడిచేది కాదు. విసిరి తిరిగి పట్టుకోడానికి నేను తప్ప తోడు లేదు, నా చేతికి డిస్కు వస్తే అది గాల్లో వంకర తిరిగి వాకింగ్ చేసే వాళ్ళ కాళ్ళ మీదికి పోయేది. మూడో రోజుకు క్రికెట్ పిల్లలు నలుగురు చేరారు, డిస్కుకు ‘చక్రం’ అని పేరు పెట్టారు (తిరుపతి పిల్లలు ఇంకేం పెడతారు), అందులో ఒకడు గంటలో నాకన్నా బాగా నేర్చుకున్నాడు. పాప వాళ్ళతో తెలుగులో మాట్లాడటం విన్నాను. ఇంట్లో నాతో మూడు ముక్కల్లో తేల్చే పిల్ల, వేళ్ళు ఎలా పెట్టాలో, మణికట్టు ఎప్పుడు తిప్పాలో పది నిమిషాలు చెప్పింది. తప్పుల తెలుగే. వాళ్ళెవరూ సరిదిద్దలేదు, నేనైతే నాలుగు సార్లు ఆపి ఉండేదాన్ని.

ఈ టోర్నమెంటుకు జట్లుగా పోరు. ఎవరికి వారు పేరిస్తారు, టోపీలో చీటీలేసి తీసినట్టు నిర్వాహకులే కలిపి జట్లు కడతారు, అందుకే హ్యాట్ టోర్నమెంట్ అంటారు. పాప జట్టులో ఫ్రాన్స్ నుంచి ఒకాయన, సింగపూర్ నుంచి ఇద్దరు, మిగతా వాళ్ళు చెన్నై, బెంగళూరు. శనివారం పొద్దున ఏడింటికి మొదటిసారి ముఖాలు చూసుకుని, ఎనిమిదిన్నరకు మొదటి మ్యాచ్ ఆడాలి. నాకు అంతకు ముందు రాత్రంతా టెన్షన్, పాప హాయిగా నిద్రపోయింది.

శుక్రవారం తమ్ముడి కారులోనే పోయాం, నాన్న కూడా వస్తానన్నాడు. పుత్తూరు దాటేటప్పుడు “చెయ్యో కాలో ఇరిగినా ఏం కాదులే పాపా, తిరిగొచ్చేటప్పుడు ఈడే కట్టు కట్టిచ్చుకోవచ్చు” అని ధైర్యం చెప్పాడు. పుత్తూరు కట్టు గురించి ఆయన చెప్పిన కథలు నగరి, తిరుత్తణి దాటినా అయిపోలేదు.

బీచ్‌లో పేరు రాసుకునే దగ్గర ఎక్కడి నుంచి అని అడిగారు. స్టుట్‌గార్ట్‌లో ఈ ప్రశ్నకు పాప స్టుట్‌గార్ట్ అనే చెప్తుంది, వాళ్ళు ఆగి, కాదు, అసలు ఎక్కడి నుంచి అని మళ్ళీ అడుగుతారు. ఈసారి తడుముకోకుండా తిరుపతి అంది. నేను పక్కకు తిరిగి కళ్ళజోడు తుడుచుకున్నాను, ఇసుక పడిందని. చెన్నై అమ్మాయి ఒకతె వెంటనే “అయితే లడ్డు ఎక్కడ?” అంది. మా అమ్మ బ్యాగులో పెట్టి పంపిన ఆరు లడ్లు మొదటి మ్యాచ్‌కు ముందే అయిపోయాయి. ఫ్రాన్స్ ఆయన పచ్చకర్పూరం వాసనకు ఆశ్చర్యపోయి, ఇది మందా మిఠాయా అని అడిగాడట.

మొదటి రోజు రెండో మ్యాచ్‌లో ఒక పొడుగాటి మనిషి పాప అందుకోబోతున్న డిస్కు కోసం వెనకనుంచి దూకి భుజంతో గుద్దాడు. డిస్కు ఇసుకలో పడింది. పాప లేచి, ఇసుక దులుపుకుని, నోరు తెరవకుండా నా వైపు చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు, మెట్ల మీద చెప్పుల రోజు చూసిన చూపే. ఫౌల్ అని చెప్పకపోతే ఫౌల్ లేదు, డిస్కు అవతలి వాళ్ళకు పోయింది. పాయింటయ్యాక చెన్నై కెప్టెనమ్మాయి, పాతికేళ్ళుంటాయేమో, పాపను పక్కకు తీసుకుపోయి ఏదో చెప్పింది. రాత్రి అడిగితే తెలిసింది. “నీకు తగిలింది నీకే తెలుసు. నువ్వు చెప్పకపోతే అవతలి వాడికి తప్పు చేశానని కూడా తెలీదు, అది అతనికీ నష్టమే” అందట. నేను పదిహేడేళ్ళలో చెప్పని మాట ఒక పూట పరిచయమున్న పిల్ల చెప్పింది. కొంచెం ఉక్రోషంగానే ఉండింది, అబద్ధమెందుకు.

సాయంత్రం ఒక జట్టు మొత్తం, మీసాలున్న మగాళ్ళతో సహా, చీరలు కట్టుకుని ఆడింది. అందరూ ఫోటోలు తీసుకుంటుంటే నాన్న మాత్రం “గంగజాతర్లో మనోళ్ళు ఇంతకన్నా బాగా కడతారు” అని కుర్చీలోంచి లేవలేదు.

ఆదివారం మూడు గంటలకు చివరి మ్యాచ్. 12-12. ఎవరు పాయింటు చేస్తే వాళ్ళే గెలిచినట్టు. ఫ్రాన్స్ ఆయన ఇటు చివర నుంచి ఎత్తుగా విసిరాడు, సముద్రం గాలికి డిస్కు పక్కకు తోసుకుపోతుంటే పాప పడుకున్నట్టు ఎగిరి రెండు చేతులతో పట్టేసింది. జట్టంతా అరుస్తూ పరిగెత్తుకొచ్చింది. అవతలి జట్టు వాళ్ళు కూడా చప్పట్లు కొట్టేశారు. తమ్ముడు నన్ను పట్టుకుని ఊపేస్తున్నాడు. పాప లేచి, ఇసుకలో పరిచిన టేపు గీతను, దాని మీద తన పాదం ముద్రను చూసుకుని, చెయ్యెత్తింది. నా కాలు గీత మీద పడింది, అవుట్ అంది. ఈ ఆటలో పక్క గీత మీద కాలు పడినా బయట పడినట్టే.

తమ్ముడు తెలుగులో పెద్దగా అరిచాడు. “పాపా, గమ్మునుండు! ఎవురూ చూళ్ళేదు!”

నా నోట్లో అదే మాట ఉంది. వాడు ముందు అన్నాడు, అంతే తేడా.

డిస్కు అవతలి వాళ్ళకు పోయింది, నాలుగు పాసుల్లో వాళ్ళు గెలిచేశారు. పాప జట్టులో ఒక కుర్రాడు టోపీ తీసి ఇసుకకేసి కొట్టి నీళ్ళ దాకా నడిచిపోయాడు, పావుగంట దాకా తిరిగి రాలేదు. సింగపూర్ వాళ్ళు పాప వీపు తట్టారు కానీ ముఖాలు వాడిపోయే ఉన్నాయి. తర్వాత రెండు జట్లూ కలిసి ఒకరి భుజాల మీద ఒకరు చేతులేసుకుని గుండ్రంగా నిలబడ్డారు, ప్రతి మ్యాచ్ తర్వాతా ఇలా నిలబడి మాట్లాడుకుంటారు. ఆ పైన అవతలి జట్టుకు మార్కులు కూడా వెయ్యాలి. రూల్స్ తెలుసా, ఒంటికి తగలకుండా ఆడారా, న్యాయంగా ఉన్నారా, సరదాగా ఉన్నారా, సరిగ్గా మాట్లాడారా, ఒక్కో దానికి నాలుగు, మొత్తం ఇరవై. మామూలుగా పది చుట్టూ వస్తాయట. న్యాయానికి నాలుగుకు నాలుగు వేశారని పాప చెప్తే నాన్న “ఓడిపోయినోళ్ళకు గూడా మార్కులా?” అన్నాడు. కాసేపటికి తనే అన్నాడు, “మా చిన్నప్పుడు బిళ్ళంగోడుకు మాత్రం ఎవురు అంపైరు? గోడు ఎవుడిదో వాడు చెప్పిందే న్యాయం.”

“డిస్కు నాదే తాతా” అంది పాప. నిజంగానే ఆ మ్యాచ్ ఆడింది తను స్టుట్‌గార్ట్ నుంచి తెచ్చిన డిస్కుతోనే. నాన్న ఏమీ అనలేదు, డిస్కు తీసుకుని ఇసుక తుడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు.

తిరుగుదారిలో తమ్ముడు నగరి దాకా గొణుగుతూనే నడిపాడు. గెలిచేసిన మ్యాచ్, చేతికొచ్చిన మ్యాచ్, ఎవరు అడిగారని చెప్పింది, అని. రాత్రి తొమ్మిదిన్నరకు పుత్తూరులో టీకి ఆపాం. పాప గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, చాలాసేపు ఆలోచించుకుని తెలుగులో కూర్చుకున్న వాక్యం లాగా అడిగింది.

“మామా, నీ కాలు గీత మీద పడి ఉంటే నువ్వు చెప్పేవాడివా, లేదా?”

తమ్ముడు నా వైపు చూశాడు. నేను నాన్న వైపు చూశాను. నాన్న టీ కొట్టు బోర్డు చదువుతున్నాడు.

“గమ్మున టీ తాగు మే, సల్లారిపోతాది” అన్నాడు తమ్ముడు.