ఆరేళ్ల బిళ్ళ, పది నిమిషాల వేడి

నిన్న సాయంత్రం నా ప్రీ-సబ్మిషన్ (థీసిస్ ఇచ్చేముందు జరిగే సెమినారు) కాగితం మీద చివరి సంతకం పడింది. సంతోషంగానే ఉంది గానీ కోపం ఇంకా పూర్తిగా దిగలేదు. అందుకే మర్చిపోకముందే రాస్తున్నా.

నాది పార్ట్ టైమ్ పీహెచ్‌డీ. పొద్దున్న పాఠాలు, సాయంత్రం ల్యాబు, మధ్యలో శ్రీకాకుళం–విజయనగరం బస్సు. పని మెగ్నీషియం మీద. ఏజెడ్31 అనే మిశ్రలోహం, అందులో అల్యూమినియం సుమారు 3 శాతం, జింకు 1 శాతం. దాన్ని 10 మిల్లీమీటర్ల బిళ్ళగా కోసి, రెండు గట్టి అచ్చుల మధ్య 6 గిగాపాస్కల్స్ ఒత్తిడిలో పెట్టి మెలితిప్పుతారు. చదరపు సెంటీమీటరుకి దాదాపు 60 టన్నుల బరువన్నమాట. మామూలుగా చల్లగా ఉన్న మెగ్నీషియాన్ని వంచితే పగులుతుంది. దాని స్ఫటికంలో పొరలు జారడానికి దారులు తక్కువ. ఇంత ఒత్తిడిలో మాత్రం పగులు నోరు తెరవలేదు, లోహం లొంగుతుంది. లోపలి గ్రెయిన్లు, అంటే చిన్న చిన్న స్ఫటికపు రేణువులు, నలిగి నలిగి మైక్రాన్‌లోపుకి (మిల్లీమీటరులో వెయ్యో వంతు కన్నా తక్కువకి) వచ్చేస్తాయి, గట్టిదనం రెట్టింపు దాకా పోతుంది.

2018 సెప్టెంబరులో వేరే రాష్ట్రంలో స్నేహితుడి ల్యాబులో నాలుగు బిళ్ళలు చేయించుకున్నా. రైలు, టిఫిను, బిళ్ళలు, అంతే. ఒకదాన్ని అక్కడే మౌంట్ చేయకుండా, అంటే ప్లాస్టిక్ ముద్దలో బిగించకుండా, నేరుగా కొలిచాం. మిగతా మూడూ మా అమ్మ బీపీ మాత్రల ఖాళీ డబ్బాలో, చెప్పుల అట్టపెట్టెలో దొరికిన సిలికా జెల్ సంచితో కలిపి, అరసవల్లి పక్కన మా ఇంట్లో బీరువాలో పెట్టా. అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చింది. కరెంటు లేదు, గోడలు చెమర్చాయి. డబ్బా మూత మాత్రం ఊడలేదు. ఆ మూతకి నేను చుట్టిన టేపు గురించి గొప్ప చెప్పుకునే హక్కు నాకుంది.

తర్వాత కోవిడ్, పెళ్లి, పాప. 2024లో గైడ్ గారు అడిగారు: "ఆ బిళ్ళలు గది ఉష్ణోగ్రతలో అన్నాళ్లున్నాయి కదా, గట్టిదనం నిలిచిందో లేదో చూశావా?" చూశాను. పడిపోయింది! వికర్స్ పరీక్షలో వజ్రపు మొనతో నొక్కి, పడిన గుర్తు కర్ణం కొలుస్తారు. మునుపు 100 గ్రాముల బరువుకి అది 41 మైక్రాన్లు ఉండేది, ఇప్పుడు 47. గుర్తు పెద్దదైందంటే లోహం మెత్తబడ్డట్టు. లెక్క వేస్తే గట్టిదనం 110 నుంచి 84కి దిగింది. నాకు ఆనందం పట్టలేదు. ఆరేళ్లలో మెగ్నీషియం తనంతట తనే మెత్తబడిందని స్లైడు చేసేశా. రెండు చుక్కలు, మధ్యలో ఎర్ర గీత.

ఇక సెమినారు. బయటి నుంచి వచ్చిన ప్రొఫెసరు గారు మెత్తగా మాట్లాడే మనిషి. ఆ మెత్తదనమే నా కొంప ముంచింది.

"బాబూ, రూమ్ టెంపరేచర్ అన్నావు. ఎవరి రూము?"

"మా ఇంట్లో బీరువా సార్."

హాలంతా నవ్వు. వెనక బెంచీల్లో నేను పాఠం చెప్పే పిల్లలు కూడా ఉన్నారు. ఉదయం వాళ్లనే వైవాలో నిలబెట్టి గదమాయించి వచ్చాను.

"బీరువా సరే. కొలిచే ముందు మౌంట్ ఎలా చేశావు?"

"ఇక్కడి హాట్ మౌంటింగ్ ప్రెస్‌లో సార్. బేకలైట్ పొడి వేసి, 150 డిగ్రీలు, పది నిమిషాలు."

"2018లో?"

"అప్పుడు మౌంట్ చేయలేదు సార్."

ఆయన పెన్ను మూత పెట్టేశారు. "మరి ఏం కొలిచావు? ఆరేళ్లనా, పది నిమిషాలనా?"

గైడ్ గారు ఫ్యాను వైపు చూశారు. నాకు అప్పటికీ అర్థం కాలేదు. ఏదో గొణిగి స్లైడు మార్చాను. మార్చిన స్లైడులో మళ్ళీ అదే గీత, ఇంకా పెద్దదిగా.

బస్సు ఎచ్చెర్ల దాటాక వెలిగింది. మెగ్నీషియం 650 డిగ్రీలకే కరుగుతుంది, కెల్విన్‌లో 923. మన గది 298. అంటే ఊరికే బీరువాలో కూర్చున్నా అది కరిగే వేడిలో మూడో వంతు దగ్గర ఉన్నట్టే. ఇనుముకి ఆ స్థితి రావాలంటే 300 డిగ్రీలు దాటాలి. అలాంటి లోహాన్ని, అదీ లోపల అంతా నలిగి ఎప్పుడు సర్దుకుందామా అని ఉన్నదాన్ని, నేను తీసుకెళ్లి 150 డిగ్రీల్లో ఉడకబెట్టా. ఆ రాత్రి అన్నం తినలేదు. పాప ఏమైందని అడిగితే బిళ్ళ పాడైపోయిందన్నా. దానికి బెల్లం బిళ్ళ అనిపించి, ఇంకొకటి కొనుక్కోమంది.

ఇక్కడ నా అసలు కోపం చెప్పాలి. ల్యాబు గోడ మీద అంటించిన పద్ధతి కాగితంలో "అన్ని నమూనాలకూ" అని ఉంది. రాసినవాళ్లు జీవితంలో ఉక్కు తప్ప వేరే లోహం చూడలేదనుకుంటా. ఉక్కుకి 150 డిగ్రీలు ఒక లెక్కా? ఆ కాగితాన్ని పిల్లలు పదేళ్లుగా నమ్ముతున్నారు. నేనూ నమ్మా. పైగా మెగ్నీషియానికి నీళ్లతో పాలిషింగు కూడా అందులోనే రాశారు. చేస్తే ముఖం నల్లబడుతుంది, నాదీ బిళ్ళదీ. చివరి మెట్లన్నీ ఆల్కహాలుతోనే చేయండి. సన్నని మెగ్నీషియం రజను అంటుకుంటే నీళ్లు అసలు పోయొద్దు, పొడి ఇసుక పక్కనే పెట్టుకోండి.

మిగిలినవి రెండు బిళ్ళలు. ఒకదాన్ని నెమ్మదిగా తిరిగే రంపంతో సగానికి కోశా. ఒక సగం ప్రెస్‌లో, అదే 150, అదే పది నిమిషాలు. రెండో సగం నిదానంగా గట్టిపడే ఎపాక్సీ జిగురులో, వేడి లేకుండా, రాత్రంతా. తొందరగా గట్టిపడే రకం తీసుకోకండి, అది తనంతట తానే వేడెక్కుతుంది. గంట గంటకీ కప్పు మీద చెయ్యి వేసి చూశా. అటెండరు తొంగిచూసి, "ఏటి సార్, జొరమొచ్చిందేటి దానికి?" అన్నాడు.

పొద్దున్న కొలిచా. ఎపాక్సీ సగం 41, 42, 41, 43. ప్రెస్ సగం 46, 47, 47. మెత్తబరిచింది ఆరేళ్లు కాదు, ఆ ప్రెస్సే. బీరువాలో బిళ్ళ దాదాపు అలాగే ఉంది. నా స్లైడు మీద గీత మాత్రం అబద్ధం.

తీసుకెళ్లి చూపించా. ప్రొఫెసరు గారు రెండు సగాలనీ అరచేతిలో పెట్టుకుని కాసేపు తిప్పి చూశారు. "ఒక్క రకం మిశ్రలోహం, ఒక్క బిళ్ళ, ఒక్క బీరువా. అంతవరకే రాయి," అన్నారు. అంతవరకే రాశా. ఉష్ణోగ్రత రికార్డు లేదని కూడా రాశా. అది ఒప్పుకోవడానికి పట్టిన టైము, బిళ్ళ పాలిష్ చేయడానికి పట్టలేదు.

చివరి బిళ్ళ మళ్ళీ అమ్మ మాత్రల డబ్బాలోకి వెళ్లింది. ఈసారి పక్కన ఒక చిన్న థర్మామీటరు పెట్టా. అమ్మ దాన్ని చూసి, నాకు ఒంట్లో బాగోలేదేమో అనుకుని రాత్రి మిరియాల చారు పెట్టింది.