పిల్లల బ్లడ్ క్యాన్సర్: తగ్గని జ్వరం నుంచి మెయింటెనెన్స్ దాకా

మా బాబుకు నాలుగేళ్ల వయసులో అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా అనే బ్లడ్ క్యాన్సర్ వచ్చింది. వార్డులో అందరూ ఏఎల్ఎల్ అనే అంటారు. చికిత్స పూర్తయింది, వాడిప్పుడు బడికి వెళ్తున్నాడు. పిల్లలకు వచ్చే క్యాన్సర్లలో మూడింట ఒక వంతు దాకా లుకేమియాలే, వాటిలోనూ ఎక్కువ భాగం ఇదే. రెండు నుంచి ఐదేళ్ల మధ్య ఎక్కువగా కనిపిస్తుంది. దీని లక్షణాలన్నీ విడివిడిగా చూస్తే మామూలువే: జ్వరం, నీరసం, కాళ్ల నొప్పులు. ఇవి జతగా వచ్చి, రెండు వారాలైనా తగ్గకపోతే మాత్రం అనుమానించాలి.

ఎముకల లోపలి మూలుగులో రక్తకణాలు తయారవుతాయి. అక్కడ బ్లాస్టులనే ఎదగని కణాలు నిండిపోతే మంచి కణాలకు చోటుండదు. ఎర్రకణాలు తగ్గితే బిడ్డ పాలిపోతాడు. ముఖం రంగు చూసి మోసపోవద్దు, కింది కనురెప్పను కాస్త లాగి లోపలి పొర చూడండి, అరచేతులు, గోళ్లు చూడండి. పనిచేసే తెల్లకణాలు లేకపోతే జ్వరం వస్తూ పోతూ ఉంటుంది. మూలుగు కిక్కిరిసిపోవడంతో ఎముకలు నొప్పి పెడతాయి. పరిగెత్తే పిల్లాడు కుంటుతాడు, ఎత్తుకోమంటాడు, రాత్రి నిద్రలోంచి లేచి ఏడుస్తాడు. ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవచ్చు. కాలేయం, ప్లీహం పెరిగి పొట్ట ఉబ్బుతుంది, మెడలో బిళ్లలు తగులుతాయి.

ప్లేట్‌లెట్లు తగ్గినప్పుడు వచ్చే మచ్చల గురించి కాస్త వివరంగా చెప్పాలి. మోకాలి కింద, పాదాల దగ్గర గుండుసూది మొనంత ఎర్రటి చుక్కలు గుంపుగా వస్తాయి. దోమకాటైతే ఉబ్బుగా ఉంటుంది, దురద పెడుతుంది, నొక్కితే ఎరుపు పోయి మళ్లీ వస్తుంది. ఈ చుక్కలు చర్మానికి సమంగా ఉంటాయి, దురద ఉండదు, గాజు గ్లాసు ఆనించి నొక్కినా మాయం కావు. పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం, దెబ్బ తగలకుండానే వీపు మీద, తొడల మీద కమిలిన మచ్చలు కూడా ఇలాంటివే.

మొదటి పరీక్ష ఖరీదైనదేం కాదు, కంప్లీట్ బ్లడ్ పిక్చర్. కానీ మెషిన్ ఇచ్చిన కాగితంతో ఆగిపోకూడదు. కొన్ని మెషిన్లు బ్లాస్టులను లింఫోసైట్లనే మామూలు తెల్లకణాలుగా లెక్కేస్తాయి. పాథాలజిస్టు మైక్రోస్కోపు కింద స్మియర్, అంటే గాజు పలక మీద పలచగా పరిచిన రక్తం, చూశారా అని అడగండి. మన దగ్గర ప్లేట్‌లెట్లు తగ్గాయంటే ముందు గుర్తొచ్చేది డెంగీ. డెంగీలో జ్వరం తగ్గాక కొద్ది రోజుల్లో ప్లేట్‌లెట్లు తిరిగి పెరుగుతాయి. పెరగకపోయినా, హిమోగ్లోబిన్ కూడా పడిపోతున్నా స్మియర్ తప్పనిసరి.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. కీళ్ల నొప్పులకో, ప్లేట్‌లెట్లు తగ్గాయనో స్టెరాయిడ్ మొదలుపెడితే జ్వరం, నొప్పి ఒక్కసారిగా తగ్గిపోతాయి, ఎందుకంటే స్టెరాయిడ్ లుకేమియా మందుల్లో ఒకటి. జబ్బు మాత్రం పోదు, దాక్కుంటుంది. తర్వాత మూలుగు పరీక్ష చేసినా అయోమయంగా వస్తుంది, రిస్కు అంచనా తప్పుతుంది, మందులకు లొంగనితనం కూడా రావచ్చు. లుకేమియా కాదని తేలేదాకా స్టెరాయిడ్ వద్దని అడిగే హక్కు తల్లిదండ్రులకు ఉంది.

వార్డులో పక్క మంచాల మీద వేరే క్యాన్సర్లున్న పిల్లలు ఉంటారు, వాటిలోనూ ఆలస్యమయ్యే తీరు ఇంచుమించు ఇదే. ఫ్లాష్ ఫొటోలో ఒక కంటి పాప తెల్లగా మెరిసినా, కొత్తగా మెల్ల వచ్చినా రెటినోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సర్ కావచ్చు, ఆ వారంలోనే కంటి డాక్టరుకు చూపించాలి. స్నానం చేయించేటప్పుడు పొట్టలో ఒక పక్క గట్టిగా గడ్డ తగిలితే కిడ్నీకి వచ్చే విల్మ్స్ ట్యూమర్ కావచ్చు. దాన్ని పదిమందీ నొక్కి చూడొద్దు, చిట్లే ప్రమాదం ఉంది. పొద్దున్నే తలనొప్పితో వాంతి చేసుకోవడం, నడక తూలడం, తల ఒక పక్కకు వంచి చూడడం మెదడులో ట్యూమర్‌కు గుర్తులు. వీటిని గ్యాస్ అనుకుని మందులు వాడుతూ నెలలు గడిపేస్తారు. మెడలో నొప్పి లేని బిళ్ల రెండు సెంటీమీటర్లు దాటి పెరుగుతుంటే, బయాప్సీ లేకుండా టీబీ మందులు మొదలుపెట్టనివ్వకండి, బిళ్లలకు వచ్చే క్యాన్సర్ లింఫోమా కూడా అలాగే ఉంటుంది. పదేళ్లు దాటిన పిల్లలకు మోకాలి దగ్గర వాపు, రాత్రి నొప్పి వస్తే ఆటలో తగిలిన దెబ్బ అని నూనె రాసి మర్దన చేయించడం, కట్టు కట్టించడం మానేసి ముందు ఎక్స్‌రే తీయించండి, ఎముక క్యాన్సర్ కావచ్చు.

ఏఎల్ఎల్‌ను ఖాయం చేసేది మూలుగు పరీక్ష. మత్తిచ్చి, నడుము వెనక తుంటి ఎముక నుంచి సూదితో కొద్ది మిల్లీలీటర్లు తీస్తారు. దాన్ని కణాల రకం తేల్చే ఫ్లో సైటోమెట్రీకి, క్రోమోజోమ్ పరీక్షలకు పంపుతారు. ఏడాది నుంచి పదేళ్ల లోపు వయసు, మొదట్లో తెల్లకణాలు 50,000 లోపు ఉండడం మంచి గుర్తులు. వెన్నులోంచి నీరు తీసి అదే సూదితో మెథోట్రెక్సేట్ అనే కీమో మందు ఎక్కిస్తారు. రక్తంలోకి ఇచ్చే మందులు చాలావరకు మెదడుకు సరిగా చేరవు, అక్కడ జబ్బు నక్కి ఉండకుండా ఈ ఇంజెక్షన్ చికిత్స పొడుగునా అప్పుడప్పుడూ ఇస్తూనే ఉంటారు.

ఈ మెథోట్రెక్సేట్ వెనక మనవాడొకరున్నారు. 1947-48లో బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ 16 మంది పిల్లలకు అమినోప్టెరిన్ ఇస్తే 10 మందిలో జబ్బు కొంతకాలం తగ్గింది. ఆ మందు అమెరికాలోని లెడర్లే ల్యాబ్‌లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన పరిశోధన నుంచి వచ్చింది. మెథోట్రెక్సేట్ దాని తోబుట్టువే.

మొదటి నెలను ఇండక్షన్ అంటారు. చాలా కష్టమైన నెల. రోజూ స్టెరాయిడ్, వారానికోసారి విన్‌క్రిస్టిన్, కొన్ని డోసుల ఆస్పరాజినేజ్, రిస్కు ఎక్కువైతే ఎర్రటి డౌనోరూబిసిన్ కూడా. మొదటి రోజుల్లో బ్లాస్టులు ఒక్కసారిగా చచ్చి యూరిక్ యాసిడ్, పొటాషియం పెరుగుతాయి. కిడ్నీలు దెబ్బతినకుండా సెలైన్ ఆపకుండా ఎక్కిస్తారు, అల్లోప్యురినాల్ ఇస్తారు. మూత్రం ఎంత పోశాడో కొలిచి రాయమంటారు. ఆ కాగితం తప్పకుండా నింపండి. స్టెరాయిడ్ వల్ల అర్ధరాత్రి అన్నం పెట్టమంటారు, మొండికేస్తారు, ముఖం ఉబ్బుతుంది. ఉప్పు, తీపి తగ్గించి పెట్టాలి, బీపీ, షుగర్ చూపించాలి. విన్‌క్రిస్టిన్‌తో మలబద్ధకం, దవడ నొప్పి వస్తాయి, పాదం ఈడుస్తూ నడుస్తారు. విరేచనం రెండు రోజులు కాకపోతే డాక్టరు రాసిన సిరప్ పెంచమని అడగాలి, ఎనిమా మాత్రం వద్దు. ఎక్కిస్తుండగా సూది దగ్గర మంట అంటే వెంటనే సిస్టర్‌ను పిలవండి, మందు నరం బయటికి పోతే కండ కుళ్లుతుంది. ఆస్పరాజినేజ్ రోజుల్లో వీపులోకి పాకే కడుపు నొప్పి, వాంతులు పాంక్రియాస్ వాపు కావచ్చు. తీవ్రమైన తలనొప్పి, ఫిట్స్ వస్తే మెదడు నరాల్లో రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు.

నెలాఖరున మళ్లీ మూలుగు తీసి ఎంఆర్‌డీ, అంటే ఇంకా ఎన్ని బ్లాస్టులు మిగిలాయో, చూస్తారు. 0.01 శాతం కంటే తక్కువ, అంటే పదివేల కణాల్లో ఒక్క బ్లాస్టు కూడా లేకపోతే మందులకు బాగా లొంగినట్టు.

చికిత్సలో ప్రాణం తీసేది చాలాసార్లు ఇన్‌ఫెక్షనే. అందుకే ఏఎన్‌సీ, అంటే క్రిములతో పోరాడే న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాల సంఖ్య, లెక్క కట్టడం ఇంట్లో అందరికీ రావాలి: మొత్తం తెల్లకణాలను న్యూట్రోఫిల్స్ శాతంతో గుణించి వందతో భాగించాలి. తెల్లకణాలు 1,200, న్యూట్రోఫిల్స్ 20 శాతం అయితే ఏఎన్‌సీ 240. ఇది 500 లోపు ఉన్నప్పుడు 100.4 డిగ్రీల జ్వరమంటే ఎమర్జెన్సీ, అర్ధరాత్రైనా బయలుదేరాలి. ఆస్పత్రి చేరిన గంటలోపు యాంటీబయాటిక్ నరంలోకి పడాలి. క్యాజువాలిటీలో ‘కీమో పేషెంటు, కౌంట్లు తక్కువ’ అన్న మాట ముందు చెప్పండి, క్యూలో కూర్చోవద్దు. కొలవకుండా పారాసెటమాల్ ఇస్తే జ్వరం దాక్కుంటుంది. థర్మామీటర్ చంకలోనే పెట్టాలి. బ్రూఫెన్, ఆస్పిరిన్ ఇవ్వకూడదు, ప్లేట్‌లెట్లు పనిచేయవు. మందులెక్కించడానికి నరంలో ఉంచిన గొట్టాన్ని లైన్ అంటారు, దాన్ని ఫ్లష్ చేశాక (కడిగాక) చలి, వణుకు వస్తే లైన్‌కే ఇన్‌ఫెక్షన్ పట్టి ఉండొచ్చు. అమ్మవారు పోసిన బిడ్డ పక్కన ఆడుకున్నాడని తెలిస్తే దద్దుర్లు రాకముందే, అదే రోజు డాక్టరుకు చెప్పాలి.

తర్వాతి నెలల కీమో కూడా అయ్యాక మెయింటెనెన్స్, అంటే జబ్బు తిరిగి రాకుండా ఇంట్లోనే మాత్రలు వేసే దశ. చికిత్స అంతా కలిపి రెండు నుంచి రెండున్నరేళ్లు. రోజూ రాత్రి ఒకే వేళకు 6-ఎంపీ అనే కీమో మాత్ర, వారానికి ఒక్కసారే మెథోట్రెక్సేట్. ఈ రెండోదాన్ని పొరపాటున రోజూ వేస్తే ప్రాణానికే ముప్పు. వారం పేరు డబ్బా మీద పెద్దగా రాసి, వేసిన రోజు క్యాలెండరులో కొట్టేయండి. రక్తపరీక్షలో కౌంట్లు బాగా ఎక్కువుంటే సంతోషించొద్దు, డోసు చాలడం లేదని అర్థం. కొందరిలో ఎన్‌యూడీటీ15 జన్యువులో తేడా వల్ల 6-ఎంపీ కొద్ది డోసుకే కౌంట్లు కుప్పకూలతాయి. పదేపదే అలా అయితే ఆ పరీక్ష గురించి అడగండి. న్యుమోనియా రాకుండా వారంలో రెండు మూడు రోజులు సెప్ట్రాన్ కూడా ఉంటుంది.

చాలామంది తప్పిపోయేది ఇక్కడే. మొదటి నెల తర్వాత బిడ్డ ఆడుకుంటాడు, జుట్టు వస్తుంది, ఇంటి పెద్దలు ‘నయమైంది కదా, ఇంకా ఈ విషం దేనికి’ అంటారు. జబ్బు బయటపడ్డ రోజున ఒంట్లో లక్ష కోట్ల దాకా బ్లాస్టులుంటాయి. మైక్రోస్కోపుకు కనిపించనంత తగ్గినా కోట్లు మిగిలే ఉంటాయి. మధ్యలో ఆపితే అవే తిరిగొస్తాయి, రెండోసారి నయం చేయడం చాలా కష్టం. డబ్బు కోసం ఆపాల్సిన పని లేదు: తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద పిల్లల క్యాన్సర్ చికిత్స ఉంది. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే, బసవతారకం, విశాఖ దగ్గర అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉన్నాయి. ఊరు దూరమైతే, ఉచితంగా ఉండడానికి గది ఎక్కడ దొరుకుతుందో ఆస్పత్రి సోషల్ వర్కర్‌ను మొదటి రోజే అడగండి.

మందులు ఆపాక మొదటి రెండు మూడేళ్లు రక్తపరీక్షలు తప్పనివి. డౌనోరూబిసిన్ పడ్డ పిల్లలకు గుండె ఎకో అప్పుడప్పుడూ తీస్తూ ఉండాలి, పెద్దయ్యాక కూడా. చికిత్స నడిచినన్నాళ్లూ బతికున్న క్రిములతో చేసిన టీకాలు, అంటే ఎంఆర్ (తట్టు, రుబెల్లా), చికెన్‌పాక్స్ వంటివి, వేయకూడదు. ఇంట్లో తమ్ముడికో చెల్లెలికో పోలియో చుక్కల బదులు ఇంజెక్షన్ వేయించాలి. మందులు ఆపిన ఆరు నెలలకు డాక్టరు చెప్పిన వరుసలో టీకాలు మళ్లీ మొదలుపెడతారు. పాత టీకా కార్డు పారేయకండి, డిశ్చార్జి కాగితాలతో కలిపి ఒకే ఫైల్లో ఉంచండి. ఏ మందు మొత్తం ఎంత పడిందో రాసిన చికిత్స సారాంశం కూడా ఆస్పత్రి నుంచి అడిగి తీసుకుని అందులోనే పెట్టండి.