కోరంగి మడల్లో బావురుపిల్లి జాడ

కాకినాడలో యానాం బస్సెక్కి కోరంగి దగ్గర దిగేసరికి పదిన్నరయింది. ఆదివారం కావడంతో పార్కింగు నిండా కార్లు, టికెట్టు కిటికీ దగ్గర తిరునాళ్ళంత జనం. కొబ్బరిబోండాం డెబ్బై రూపాయలన్నాడు బండివాడు. కోనసీమను పక్కన పెట్టుకుని డెబ్బై ఏంటయ్యా అంటే, "ఎండ చూశారాండీ" అన్నాడు. దాహానికి బేరం కుదరదు కాబట్టి తమ్ముడూ నేనూ చెరొకటి తాగి లోపలికి నడిచాం.

మడ అడవిలోకి వేసిన చెక్కవంతెన నిజంగా చక్కగా ఉంది. ఇటూ అటూ కొమ్మలు కలుసుకుని నీడ, కింద బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చిన ఊపిరి వేర్లు. కానీ ఆ జనం! ఒకాయన స్పీకర్లో పాటలు పెట్టుకుని నడుస్తున్నాడు. ఒక పిల్లాడు చిప్స్ ప్యాకెట్టు బురదలోకి వదిలేస్తే పక్కనే ఉన్న తండ్రి చూసి కూడా ఊరుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది. నేను వచ్చింది ఆ బురదలో రాత్రిళ్ళు తిరిగే బావురుపిల్లి కోసం, చేపలు పట్టి తినే అడవిపిల్లి అది. పగలు అది కనపడదని తెలుసు. అది బతుకుతున్న చోటు ఎలా ఉంటుందో ఒక్కసారి చూడాలని చాలా ఏళ్ళుగా అనుకుంటున్నాను.

మాది నాగాయలంక దగ్గర. చెరువులున్న ఇంట్లో పుట్టాను కాబట్టి బావురుపిల్లి పేరు చిన్నప్పటి నుంచీ వింటున్నాను, అదీ దొంగల జాబితాలో. దాని బొమ్మ గోడ మీద వేసి, గౌరవంగా దాని గురించి బోర్డు రాసి పెట్టిన చోటు నేను చూడటం ఇదే మొదలు. బోర్డు ముందు ఇద్దరు కాలేజీ అమ్మాయిలు నిలబడి అది చిరుతపులి పిల్లా కాదా అని వాదించుకుంటున్నారు. "పులి పిల్ల కాదమ్మా, అది పెరిగితే అంతే ఉంటది" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

యాభై అయిదు దాటిన మనిషి, ఖాకీ చొక్కా, మోకాళ్ళ దాకా మడిచిన ప్యాంటు. అటవీ శాఖలో రోజుకూలీ మీద పని చేస్తారట. అంతకుముందు ఇదే ఏటిలో వల వేసి బతికిన మనిషి. ఆ అమ్మాయిలు ఫోటో తీసుకుని వెళ్ళిపోయారు. నేను కదల్లేదు. మిగతా రోజంతా ఏం చూశామో నాకిప్పుడు సరిగ్గా గుర్తులేదు కానీ, ఆయనతో గడిపిన ఆ గంట మాత్రం మాటమాటా గుర్తుంది.

వంతెన చివర, జనం పల్చబడ్డ చోట, కటకటాల మీద వంగి కింద బురద చూపించారు. "ఏం కనపడతందండీ?" నాకు పీతల బొరియలు తప్ప ఏమీ కనపడలేదు. చేతికర్ర కిందికి చాచి ఒక గుర్తు చుట్టూ గాల్లోనే గీత గీశారు. అప్పుడు కనపడింది. నాలుగు వేళ్ళు, వెనక వెడల్పాటి మడమ. వేళ్ళ ముందు చిన్న చిన్న గాట్లు. మామూలు పిల్లి గోళ్ళు పూర్తిగా లోపలికి ముడుచుకుంటుంది, దీని గోళ్ళు ముడుచుకున్నా కొసలు బయటికే ఉంటాయి. వేలికీ వేలికీ మధ్య పల్చటి తోలు ఉంటుంది, బురద మెత్తగా ఉన్న చోట ఆ తోలు అచ్చు కూడా పడుతుంది. అక్కడికి రెండడుగుల దూరంలో ఇంకో వరస గుర్తులు. "ఇది లెక్కెట్టండి" అన్నారు. అయిదు వేళ్ళు. "నీటికుక్కండి. అయిదుంటే నీటికుక్క, నాలుగుంటే పిల్లో నక్కో. నక్కదైతే సన్నంగా, కోలగా ఉంటది."

రాత్రి పోటు తీశాక పడ్డ గుర్తులవి. మళ్ళీ నీళ్ళొస్తే ఉండవు. అంటే ఈ అడవిలో కాగితం రోజుకు రెండుసార్లు తుడిచిపెట్టుకుపోతుంది. నల్లమలలో పులి అడుగు దుమ్ములో రెండు మూడు రోజులైనా నిలుస్తుందేమో, ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. ఈ పిల్లుల్ని లెక్కపెట్టాలంటే అందుకే కెమెరాలు తప్ప దారి లేదు.

ఆ కెమెరాలు పెట్టడం ఎంత కష్టమో ఆయన చెబుతుంటే విన్నాను. జంతువు ఎదురుగా కదలగానే దానంతటదే ఫోటో తీసే కెమెరాలవి. ఎదురెదురుగా రెండేసి కడతారు. ఎందుకంటే పిల్లి ఒంటి మీద మచ్చల వరస ఏ రెండింటికీ ఒకేలా ఉండదు, ఒకే పిల్లికి కూడా కుడి పక్క, ఎడమ పక్క వేరుగా ఉంటాయి. రెండు పక్కలా ఫోటో దొరికితేనే ఇది నిన్నటి పిల్లా, కొత్త పిల్లా అని తేలుతుంది. అడవుల్లో అయితే మోకాలెత్తున కట్టేస్తారు. ఇక్కడ అలా కడితే పోటుకి మునుగుతుంది. పైకి కడితే పిల్లి వీపు తప్ప పక్కలు పడవు. ఎంత ఎత్తున కట్టాలన్నది ఏ పుస్తకంలోనూ ఉండదు. చెట్టు మొదలు మీద బురద ఆరిన చార ఎక్కడి దాకా ఉందో చూడాలి, అమావాస్య పౌర్ణములకు వచ్చే పెద్ద పోటు దానికి ఇంకెంత పైకి ఎక్కుతుందో తెలియాలి. అది తెలిసేది ఆ ఏట్లో వల వేసిన వాళ్ళకే.

"పెద్ద చదువులు చదివినోళ్ళు వచ్చారండి. మంచోళ్ళే. మ్యాపు తీసి ఇదిగో ఇక్కడ కట్టాలన్నారు. అక్కడికి పడవ పోటులోనే పోద్ది, పాటుకి తిరిగొచ్చే నీళ్ళుండవు. ఆ రాత్రి బురదలోనే ఉండాలి, సరేనా అన్నాను. అప్పట్నుంచీ నన్నడిగే కట్టేవోరు."

నాకీ మాట దగ్గరే మనసు ఆగిపోయింది. జంతువుల లెక్క అనగానే మనకు ఢిల్లీలో విడుదలయ్యే రిపోర్టులు, అంకెలు, ఫోటోలు గుర్తొస్తాయి. ఆ అంకె వెనక మోకాటి లోతు బురదలో ఊపిరి వేర్లు గుచ్చుకుంటూ, భుజాన బ్యాటరీల సంచితో నడిచిన మనిషి ఉంటాడు. 2018లో కెమెరాలు పెట్టి చూస్తే ఈ కోరంగి అభయారణ్యంలో 115 బావురుపిల్లులు తేలాయి. ఆ 115 నాకు ఇంతకుముందు పేపర్లో చదివిన సంఖ్య. ఆ రోజు నుంచి ఆ అంకె అనగానే వేర్లు గుచ్చుకుని ఆయన కాళ్ళ మీద పడ్డ మచ్చలు గుర్తొస్తాయి.

పెంట కూడా ఏరుతారట. ఎండాక విప్పి చూస్తే ఏం తిందో తెలుస్తుంది. చేప పొలుసులు, పీత డిప్పలు, ఎలుక బొచ్చు. "ఎలకల్ని కూడా తింటదండి. అది ఎవరూ చెప్పరు" అన్నారు. కెమెరాల దగ్గరికి తీసుకెళ్ళమని అడిగాను. పర్మిషన్ లేకుండా కుదరదన్నారు మర్యాదగా. అదే న్యాయం. నాలాంటి వాళ్ళందరినీ తీసుకెళ్తే అక్కడ ఇంక పిల్లి ఉండదు.

ఆ తర్వాత పడవెక్కాం. ఏటి గాలి బాగుంది, కొంగలు కనిపించాయి, డీజిల్ వాసన కూడా బాగానే వచ్చింది. తమ్ముడు వీడియో తీశాడు. పడవ గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

తాళ్ళరేవులో భోజనానికి కూర్చున్నాం. చేపల పులుసు వేసి, వేపుడుకి వేరే బిల్లు వేశారు. రొయ్యల వేపుడు ప్లేటు మూడొందల యాభై. చెరువు దగ్గర కిలో ఎంతకు కొంటారో తెలిసిన ఇంటి దాన్ని కాబట్టి ముద్ద దిగలేదు. ఆ ప్లేటు చూస్తూంటే మా మావయ్య చెరువు గట్టు, కాపలా పాక గుర్తొచ్చాయి.

నేను ఏడో తరగతో ఎనిమిదో. వేసవి సెలవుల్లో ఒక పొద్దున మావయ్య చెరువు దగ్గర జనం మూగారు. గట్టు పక్కన తుమ్మచెట్టుకి ఉచ్చు వేశారు, దాంట్లో బావురుపిల్లి పడింది. ఇంటి పిల్లికి రెండింతలు ఉంటుంది. బూడిద రంగు ఒళ్ళు, దాని మీద నల్లటి మచ్చలు వరసగా, నుదుటి మీద గీతలు. పొట్టి తోక, గుండ్రటి చిన్న చెవులు. బొచ్చు తడిసి ఉంది, కానీ ఎవరో కర్రతో పైబొచ్చు తోస్తే అడుగున ఇంకో పొర, దట్టంగా, పొడిగా కనపడింది. నీళ్ళలోకి మునిగి వేటాడినా దాని చర్మానికి తడి తగలదని చాలా ఏళ్ళకు చదివి తెలుసుకున్నాను. ఆ రోజు అందరూ మావయ్యని మెచ్చుకున్నారు. పొట్ట కోసి చూసిన వాళ్ళు లేరు. చేపలున్నాయో, గట్టుకి బొరియలు వేసే ఎలుకలున్నాయో ఎవరికీ అక్కర్లేకపోయింది.

అది వన్యప్రాణుల రక్షణ చట్టంలో ఒకటో షెడ్యూలు జంతువు. పులికి ఎంత రక్షణో దీనికీ అంతే, చంపితే మూడేళ్ళకు తగ్గకుండా జైలు. ఈ సంగతి మా వైపు చెరువుల మీద ఎంతమందికి తెలుసని? బెంగాల్ వాళ్ళు దాన్ని తమ రాష్ట్ర జంతువుగా పెట్టుకున్నారు. మనకి గోదావరి, కృష్ణ రెండు నదుల మొగల్లోనూ ఉంది, మనం దాన్ని గట్టు మీద దొంగ అంటున్నాం.

కోరంగిలో నాకు సంతోషం వేసింది, దాంతోపాటే దిగులు కూడా. అభయారణ్యం గీత లోపల కెమెరాలున్నాయి, కాపలా ఉంది, డెహ్రాడూన్ వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు మెడకు కాలర్లు కట్టి అవి ఎక్కడెక్కడ తిరుగుతాయో చూసే పని కూడా తలపెట్టారు. ఆ కాలర్ల పని మీద నాకు చాలా ఆశ ఉంది. ఎందుకంటే పిల్లికి గీత తెలియదు. మడ దాటితే రొయ్యల చెరువే, చెరువు దాటితే హైవే. 216 నంబరు జాతీయ రహదారి కోరంగి ముందు నుంచే పోతుంది, అదే రోడ్డు యానాం, అమలాపురం మీదుగా మచిలీపట్నం, చల్లపల్లి దాకా వచ్చి మా దివిసీమ అంచున కూడా పోతుంది. చల్లపల్లి దాటాక ఒక తెల్లవారుజామున లారీ తొక్కేసిన పిల్లిని బస్సు కిటికీలోంచి చూశాను. దాన్ని ఎవరు లెక్కేశారు?

చిలికలో వేరేలా చేశారు. 2022లో ఒడిశా వాళ్ళు ఆ సరస్సు చుట్టూ, అభయారణ్యం గీత బయట, జాలర్లు తిరిగే జమ్ముల్లో, ఊళ్ళ పక్కన లెక్కపెట్టారు. అక్కడి మత్స్యకారులే కెమెరాల దగ్గర చేతులు కలిపారు. 176 తేలాయి. మనుషులు బతికే చోటే అవీ బతుకుతున్నాయని తేలాక ఊరి వాళ్ళతో మాట్లాడటం తప్పనిసరవుతుంది. కోరంగి, కృష్ణా అభయారణ్యాల చుట్టూ ఉన్న చెరువు గట్ల మీద కూడా అలాంటి లెక్క జరగాలని నా కోరిక. కాపలా పాకల్లో రాత్రంతా మేలుకునే కుర్రాళ్ళ కంటే ఎక్కువగా ఈ పిల్లుల్ని చూసే వాళ్ళెవరు? వాళ్ళకి కెమెరా చేతికిచ్చి, నెలకింత అని ఇస్తే ఉచ్చుల పని సగం ఆగుతుంది.

రాత్రి తమ్ముడింటి నుంచి మావయ్యకి ఫోన్ చేశాను. ఇప్పుడు డెబ్బై దాటారు, చెరువులు బావ చూసుకుంటున్నాడు. కోరంగి సంగతులు చెబితే ఓపిగ్గా విన్నారు. గోళ్ళ గుర్తు గురించి అడిగారు, మచ్చలతో గుర్తుపడతారంటే ఆశ్చర్యపోయారు. ఉచ్చులు తీసేయించమని అడిగేసరికి గొంతు మారింది. "ఏవే, చేపలు పోతే నువ్విస్తావా డబ్బులు?"

ఇవ్వలేను. చెరువు చుట్టూ అడుగున రెండు మూడడుగుల ఎత్తు వల కట్టించండి, ఆ ఖర్చు నేను పెట్టుకుంటాను అన్నాను. ఒక్క చెరువుకా, నాలుగింటికా అన్నారు. ముందు ఒక్క దానికి అన్నాను. బావతో మాట్లాడి చెబుతానని పెట్టేశారు. వల మీటరు ఎంతుందో కాకినాడ జగన్నాథపురంలో కనుక్కోమని తమ్ముడికి చెప్పాను.