జలుబు ఛాతీలోకి దిగినప్పుడు

బెంగళూరులో స్థిరపడ్డాక వానలు మొదలయ్యే రోజుల్లో నాకు వచ్చే జలుబు ముక్కుతో ఆగేది కాదు. మొదట గొంతులో గరగర, తరువాత ముక్కు కారడం, ఆ రెండూ తగ్గుతున్నాయనుకునే సమయానికి ఛాతీ బిగపట్టడం, తెల్లవారుజామున దగ్గుతో మెలకువ రావడం, పడుకుంటే పిల్లికూతలు వినపడడం, ఏటా ఇదే వరుస. అది ఉబ్బసమని నాకు ఆలస్యంగా తెలిసింది. నేను కె.ఆర్.పురం దగ్గర ఒక ప్రాథమిక పాఠశాలలో పాఠాలు చెబుతాను. వేసవి సెలవుల తరువాత బడి తెరవడమూ, నైరుతి ఋతుపవనాలు రావడమూ ఇక్కడ ఇంచుమించు ఒకేసారి జరుగుతాయి కనుక, వాన జల్లుకు కిటికీలు మూసిన గదిలో తుమ్మే పిల్లల మధ్య రోజంతా గడపవలసి వస్తుంది.

హిందూపురంలో ఉన్న మా అమ్మ, పక్కింటి వదిన, తోటి ఉపాధ్యాయులు అందరూ చెప్పే మాట ఒక్కటే: "నీకు ఇమ్యూనిటీ తక్కువ." అందుకు తగ్గట్టే ఇంట్లో మిరియాల కషాయాలు, చ్యవనప్రాశ ఉండేవి. మా వీధి చివర క్లినిక్‌లో ప్రతిసారీ యాంటీబయాటిక్, దగ్గు మందు, ఆయాసం వచ్చినప్పుడు పీల్చమని నీలం రంగు ఇన్‌హేలర్ ఇచ్చేవారు. ఆ ఇన్‌హేలర్ పీల్చిన కొద్ది నిమిషాల్లో ఊపిరి ఆడేది కాబట్టి వైద్యం సరిగానే ఉందని అందరమూ అనుకున్నాము.

ఒక జూన్‌లో ఆ ఇన్‌హేలర్ పని చేయడం మానేసింది. సాయంత్రం నుంచి గంట గంటకూ పీల్చినా ఉపశమనం రాలేదు. అర్ధరాత్రి దాటాక వాక్యం పూర్తి చేయలేక ఒక్కొక్క మాటగా చెప్పవలసి వచ్చింది. ఆ సమయంలో మా వారు "కూతలు ఆగిపోయాయి, తగ్గుతున్నట్టుంది" అన్నారు. ఆసుపత్రి అత్యవసర విభాగంలో డ్యూటీ డాక్టర్ స్టెతస్కోప్ పెట్టి చూసి, కూత వినపడాలన్నా కొంత గాలి కదలాలని, తీవ్రమైన ఆయాసంలో ఛాతీ నిశ్శబ్దం కావడమే ఎక్కువ ప్రమాదమని ఆయనకు చెప్పారట. ఉబ్బసం ఉన్నవారి ఇంట్లో ప్రతి ఒక్కరికీ ఈ ఒక్క సంగతి తెలిసి ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను. ఆక్సిజన్, మందును తుంపరగా మార్చి పీల్పించే నెబులైజర్‌లో గాలిగొట్టాలను సడలించే సాల్బుటమాల్, ఇప్రాట్రోపియం, నరం ద్వారా స్టెరాయిడ్ ఇచ్చాక తెల్లారేసరికి కూతలు మళ్ళీ మొదలయ్యాయి. అప్పుడు వాటిని విని డాక్టర్ సంతోషించారు.

ముక్కు నుంచి తీసిన నమూనాలో తేలింది రైనోవైరస్, అంటే లోకంలో అందరికీ మామూలు జలుబు తెచ్చేదే. న్యుమోనియా లేదు, బాక్టీరియా లేదు. అదే వారంలో మా తరగతిలో సగం మంది పిల్లలు అదే జలుబుతో ముక్కులు తుడుచుకుంటూ ఆడుకున్నారు. అదే జలుబు నన్ను ఆక్సిజన్ మాస్కు దాకా ఎందుకు తీసుకువెళ్ళిందన్న ప్రశ్నకు ఊపిరితిత్తుల వైద్యురాలు కాగితం మీద బొమ్మ గీసి మరీ సమాధానం చెప్పారు. ఆ సమాధానమే నా వైద్యాన్ని మార్చింది.

"మీకు రోగనిరోధక శక్తి తక్కువ కాదండీ, అది పని చేసే తీరు వేరు" అని మొదలుపెట్టారు ఆవిడ. ఇన్‌ఫ్లుయెంజాతో పోలిస్తే రైనోవైరస్ శ్వాసనాళాల లోపలి పొరను పెద్దగా నాశనం చేయదు. మనం పడే బాధలో ఎక్కువ భాగం దానికి శరీరం ఇచ్చే ప్రతిస్పందన వల్లనే కలుగుతుంది. వైరస్ చేరిన కణం సాధారణంగా వెంటనే ఇంటర్‌ఫెరాన్లు అనే రక్షక ప్రొటీన్లను విడుదల చేసి పక్క కణాలను సిద్ధం చేస్తుంది. ఉబ్బస రోగుల శ్వాసనాళాల నుంచి తీసిన కణాలకు ప్రయోగశాలలో ఈ వైరస్ సోకించినప్పుడు ఇంటర్‌ఫెరాన్-బీటా తక్కువగా వెలువడిందని, వైరస్ ఎక్కువగా పెరిగిందని 2005లో బ్రిటన్ పరిశోధకులు ప్రకటించారు. ఆ తరువాతి పరిశోధనలన్నిటిలోనూ అదే ఫలితం రాలేదు కనుక దీన్ని అందరు రోగులకూ వర్తించే నియమంగా తీసుకోకూడదని కూడా ఆవిడే చెప్పారు.

ఆవిడ సమాధానంలో రెండో సగం మాత్రం నా రక్తపరీక్షలోనే కనిపించింది. వైరస్ సోకిన లోపలి పొర టి.ఎస్.ఎల్.పి., ఇంటర్‌ల్యూకిన్-33 వంటి హెచ్చరిక సంకేతాలను పంపుతుంది. వాటిని అందుకున్న రక్షక కణాలు ఇంటర్‌ల్యూకిన్-5, 13 లాంటి రసాయనాలను విడుదల చేస్తాయి. 5 వల్ల ఇయోసినోఫిల్స్ అనే తెల్ల కణాలు పెరిగి గాలిగొట్టాల గోడల్లో చేరతాయి, 13 వల్ల తెమడ చిక్కగా ఊరుతుంది, చుట్టూ ఉన్న కండరం చిన్న ప్రేరణకే బిగుసుకుంటుంది. గోడ వాచి, లోపల తెమడ నిండి, బయట కండరం నొక్కితే గాలికి ఇక దారి ఎక్కడిది? ఇంటి దుమ్ములోని సూక్ష్మ పురుగులకూ, బెంగళూరు ఖాళీ స్థలాలన్నిటా పెరిగే వయ్యారిభామ మొక్క పుప్పొడికీ నాకు అలర్జీ ఉందని చర్మ పరీక్షలో తేలింది. అలర్జీలో పాల్గొనే ఐజీఈ యాంటీబాడీ, వైరస్‌ను ఎదుర్కొనే ఇంటర్‌ఫెరాన్‌కు కొంత అడ్డుపడుతుందట. ఐజీఈని పట్టి ఉంచే ఒమాలిజుమాబ్ అనే ఇంజెక్షన్ అమెరికాలో పిల్లలకు ఇచ్చినప్పుడు జలుబుల కాలంలో పెరిగే ఉబ్బస దాడులు తగ్గాయని 2011లో వెలువడిన అధ్యయనం చూపింది. నాకు ఆ ఇంజెక్షన్ అవసరం పడలేదు.

ఈ వివరమంతా విన్నాక నీలం ఇన్‌హేలర్ ఎందుకు చాలలేదో అర్థమైంది. అందులోని సాల్బుటమాల్ బిగుసుకున్న కండరాన్ని సడలిస్తుంది, గోడలోని వాపును ముట్టుకోదు. జలుబు లేని నెలల్లో కూడా ఆ వాపు కొంత ఉండనే ఉంటుంది. అందుకే అంతర్జాతీయ ఉబ్బస మార్గదర్శకాలైన గినా 2019 నుంచి, పెద్దలకూ కౌమార వయసు వారికీ ఆ ఒక్క మందుతోనే వైద్యం చేయవద్దని చెబుతున్నాయి. నాకు వాపును తగ్గించే స్టెరాయిడ్ అయిన బుడెసొనైడ్, కండరాన్ని సడలించే ఫార్మోటెరాల్ కలిసిన ఇన్‌హేలర్ రెండు పూటలా వాడమన్నారు. ఆయాసం వస్తే అదనంగా పీల్చవలసిందీ దానినే, ఎంత వరకు పీల్చవచ్చో ఆవిడ రాసి ఇచ్చారు.

స్టెరాయిడ్ అన్న మాట వినగానే మా ఇంట్లో కలవరం మొదలైంది. దానికి ఆవిడ ఇచ్చిన లెక్క నాకు ఎంతో ధైర్యాన్నిచ్చింది. దాడి వచ్చినప్పుడు నేను మింగిన ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ రోజుకు 40 మిల్లీగ్రాములు, అది ఒళ్ళంతా తిరుగుతుంది. ఇన్‌హేలర్ ఒక్కసారి పీలిస్తే వచ్చే బుడెసొనైడ్ 200 మైక్రోగ్రాములు, అంటే మిల్లీగ్రాములో అయిదో వంతు, అదీ నేరుగా గాలిగొట్టాలకే చేరుతుంది. ఈ రెండూ ఒకే మందు కావు కనుక లెక్క అచ్చంగా సరిపోదు గాని, పీల్చేదానికి భయపడి చివరకు మింగే దాకా తెచ్చుకోవడం ఎంత నష్టమో దానివల్ల తెలుస్తుంది. పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మితే నోటిలో బూజు పట్టే అవకాశం తగ్గుతుంది. మా బంధువుల్లో పెళ్ళి కావలసిన ఒక అమ్మాయి ఇన్‌హేలర్‌ను ఎవరికీ కనపడకుండా బట్టల బీరువాలో దాచుకుంటుంది. ఆ పిల్ల సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

హైదరాబాదులో మృగశిర కార్తె నాడు బత్తిని వారు పంచే చేప ప్రసాదానికి వెళ్ళి రమ్మని మా అత్తయ్య చెప్పారు. వానలు మొదలయ్యే ఆ రోజులు ఆయాసం ఉన్నవారికి గడ్డుకాలమని మన పెద్దలు గమనించిన మాట నిజమే. "మీరు చెప్పిన చోటికి వెళ్ళినా వెళ్ళకపోయినా ఈ మందు మాత్రం ఆపను అత్తయ్యా" అన్నాను. ఆవిడ మళ్ళీ బలవంతం చేయలేదు.

కోలుకోవడం నేను అనుకున్నంత త్వరగా జరగలేదు. జలుబు పూర్తిగా పోయాక కూడా వారాల తరబడి గాలిగొట్టాలు దేనికైనా ఉలిక్కిపడుతూనే ఉన్నాయి: తిరగవాత ఘాటు, అగరుబత్తి పొగ, బోర్డు తుడిచినప్పుడు లేచే సుద్దపొడి. ఉదయం, సాయంత్రం, ఊపిరి ఎంత వేగంగా బయటికి వదలగలమో కొలిచే పీక్ ఫ్లో మీటర్‌లో ఊది అంకె రాసుకునేదాన్ని. ఒంట్లో బాగానే ఉందనిపించిన రోజున కూడా ఆ అంకె తగ్గి ఉండడం చూశాకే, లోపలి వాపు మనకు తెలియకుండా ఎలా నడుస్తుందో నాకు నమ్మకం కుదిరింది.

ఒక్క నాలో ఉన్న జబ్బు కాదిది. డాక్టర్ హెచ్. పరమేశ్ బెంగళూరులో ఆసుపత్రికి వచ్చిన పిల్లలలో జరిపిన పరిశీలనలో 1979లో 9 శాతంగా ఉన్న ఉబ్బసం 1999 నాటికి 29.5 శాతానికి చేరింది. అందుకే నా తరగతిలో జలుబు తగ్గాక కూడా దగ్గుతూ, ఆటల పీరియడ్‌లో గోడకు ఆనుకుని కూర్చునే పిల్లలు కనిపిస్తే తల్లిదండ్రులను పిలిచి, ఊపిరి పరీక్ష చేయించమని చెబుతున్నాను.

రైనోవైరస్‌లో 160కి పైగా రకాలు ఉన్నందువల్ల దానికి టీకా లేదు, నాకు జలుబు రాకుండానూ పోదు. కిందటి జూన్‌లో వచ్చింది కూడా. గొంతు గరగర మొదలైన రోజే, రాసి ఇచ్చిన పద్ధతి ప్రకారం మోతాదు పెంచాను. దగ్గు వచ్చింది, ఒకటి రెండు రాత్రులు నిద్ర చెడింది, కాని స్టెరాయిడ్ మాత్రల అవసరం రాలేదు, బడికి సెలవు పెట్టలేదు. ఇన్‌ఫ్లుయెంజా టీకా ఏటా వేయించుకుంటున్నాను. మోతాదు తగ్గించడం గురించి అడిగితే, మూడు నెలలు నిలకడగా ఉంటే ఆలోచిద్దామని, అయితే బడి తెరిచే కాలంలో మాత్రం ఆ పని చేయవద్దని డాక్టర్ చెప్పారు. దసరా సెలవులకు మళ్ళీ పరీక్ష ఉంది.