రిహార్సల్‌కి చందా

మా అమ్మాయి పెర్కషన్ నేర్చుకుంటోంది. మారింబా, వైబ్రఫోన్, అలా వరసగా పేర్చిన పలకల్ని సుత్తులతో కొట్టి వాయించేవి. వాళ్ళ టీచరు న్యూయార్క్‌లో ఒక చిన్న బృందంలో వాయిస్తాడు. అక్కడ మొజార్టూ బీథోవెనూ వినపడరు. బతికున్న కంపోజర్లు ఈ మధ్య రాసినవి, చాలామటుకు ఈ బృందమే అడిగి రాయించుకున్నవి వాయిస్తారు. పోయిన డిసెంబర్లో వాళ్ళకి నేను ఐదు వందల డాలర్లు విరాళం ఇచ్చాను. కార్డు గీకడం నిమిషం పని. ఆ డబ్బు రెట్టింపై, చేరాల్సిన చోటికి చేరేసరికి మార్చి దాటింది. అమెరికాలో ఉంటూ ఇలాంటి చిన్న బృందాలకి ఇవ్వాలనుకునే మనవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

"టికెట్ కొన్నాంగా, మళ్ళీ చందా దేనికి?" అన్నారు మావారు. గుడికీ, తెలుగు సంఘానికీ ఎటూ ఇస్తూనే ఉంటాం కాబట్టి ఆ ప్రశ్న న్యాయమైనదే. నాకూ జవాబు దొరికింది వాళ్ళ రిహార్సల్‌కి వెళ్ళాకే.

అమ్మాయిని తీసుకురమ్మని టీచరే పిలిచాడు. బ్రూక్లిన్‌లో అద్దెకి తీసుకున్న గది. వైబ్రఫోన్‌ని సుత్తులతో కొట్టకుండా, డబుల్ బాస్ కమానుకి రోజిన్ (పట్టు కోసం రుద్దే జిగురు) పట్టించి, లోహపు పలక అంచున కింది నుంచి పైకి లాగుతున్నాడతను. తడి వేలు గాజు గ్లాసు అంచు మీద తిప్పితే వచ్చే మోతలాంటిది లేచింది. ఎక్కడ మొదలైందో చెప్పలేం. సరిగ్గా అక్కడే ఫ్లూట్ అదే స్వరంలో, మొదలైనట్టు తెలియకుండా, కలవాలి. కలవలేదు. మళ్ళీ. మళ్ళీ. పక్కనే కూచున్న కంపోజర్ పెన్సిల్‌తో ఏదో కొట్టేసి, ఫ్లూట్ ప్రవేశాన్ని ఒక బీటు వెనక్కి జరిపింది. ఇంకోసారి. మేము కూచున్నంతసేపూ ఆ నాలుగు బార్లే (మన ఆవర్తాల్లాంటివి) నడిచాయి. గది అద్దె, ఐదుగురి ఫీజు, మారింబా అద్దె, దాన్ని మోసుకొచ్చిన వ్యాను ఖర్చు, అన్నీ ఆ నాలుగు బార్ల మీదే కరిగిపోతున్నాయి. కచేరీ రోజున హాలు మొత్తం నిండినా ఆ టికెట్ల డబ్బు దీనికి ఓ మూలకి రాదు.

కాకినాడలో ఉన్న నాన్నగారికి ఫోన్లో చెప్తే, "మన సరస్వతీ గాన సభ చందాలాంటిదేగా అమ్మా" అన్నారు. కొంతవరకు అంతే. కానీ మన కచేరీలో గాత్రం, వయొలిన్, మృదంగం ముగ్గురూ వేదిక మీదే మొదటిసారి కలుసుకున్నా నడిచిపోతుంది. రాగమూ తాళమూ కీర్తనా ముందే అందరి దగ్గరా ఉన్నాయి. ఆ సాధన ఖర్చు ఏళ్ళ తరబడి విద్వాంసుడి ఇల్లే భరించింది, సభ మీద పడేది ఆ సాయంత్రం సంభావన, రానుపోను. ఇక్కడ అలా కుదరదు. నిన్న రాసిన దానికి సంప్రదాయమేం ఉంటుంది? ప్రతి కొత్త రచనకీ అందరూ కలిసి అ ఆల దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. అందుకే నా మట్టుకు నాకు ఇది రిహార్సల్‌కి ఇచ్చిన చందా.

చిన్న మొత్తాలతో ఏమవుతుందనే అనుమానం నాకూ ఉండేది. న్యూయార్క్‌లోనే 1987లో మొదలైన బ్యాంగ్ ఆన్ ఎ కెన్ సంస్థ 1997లో పీపుల్స్ కమిషనింగ్ ఫండ్ అని పెట్టింది. మామూలు శ్రోతలు కొంచెం కొంచెం వేసుకుంటే, ఆ పోగైన డబ్బుతో కంపోజర్ల చేత కొత్త రచనలు రాయిస్తారు. క్రోనోస్ క్వార్టెట్ అనే నలుగురు తంత్రీవాద్యకారుల బృందం ఇంకో పద్ధతిలో యాభై కొత్త రచనలు రాయించి, కుర్ర బృందాలు నేర్చుకోడానికి స్కోర్లని (రాసిన స్వరలిపిని) ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టేసింది. అందులో జాకిర్ హుస్సేన్ రాసిందీ ఒకటుంది. వీళ్ళిద్దరూ పేరున్నవాళ్ళు, నేను ఇచ్చింది ఊరూ పేరూ తెలియని బృందానికి. పైగా 2025 మే నెలలో కళలకి డబ్బిచ్చే ఫెడరల్ ప్రభుత్వ సంస్థ నేషనల్ ఎండోమెంట్ ఫర్ ది ఆర్ట్స్ ఎన్నో సంస్థలకి మంజూరు చేసిన గ్రాంట్లు రద్దు చేసేసింది. పెద్దవాళ్ళే ప్రైవేటు దాతల కోసం వెతుక్కుంటుంటే, చిన్నవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు.

ఇక అసలు తతంగం. ముందు అమెరికా పన్ను శాఖ ఐఆర్ఎస్ వెబ్‌సైట్లో పన్ను మినహాయింపు సంస్థల జాబితాలో బృందం పేరు కొట్టాను. లేదు. ఒక్క క్షణం గుండె గుభేల్‌మంది, అమ్మాయి టీచరు మోసగాడేమో అని. విషయం ఏమిటంటే ఇలాంటి చిన్న బృందాలు చాలావాటికి సొంతంగా 501(సి)(3), అంటే పన్ను మినహాయింపు ఉన్న దాతృత్వ సంస్థ హోదా, ఉండదు. బోర్డు పెట్టుకుని ఏటేటా ఫైలింగులు చేసే ఓపిక నలుగురైదుగురు వాయిద్యగాళ్ళకి ఎక్కడిది? ఆ హోదా ఉన్న ఇంకో సంస్థ వీళ్ళకి ఫిస్కల్ స్పాన్సర్‌గా ఉంటుంది. మన విరాళం చట్టప్రకారం స్పాన్సర్‌కి వెళ్తుంది, వాళ్ళు తమ ఖర్చులకని ఐదు నుంచి పది శాతం దాకా పట్టుకుని మిగతాది బృందానికి ఇస్తారు. ఆ శాతం ఎంతో ముందే అడగడం తప్పేం కాదు, నేను అడిగాను. కార్డు వాడితే ఇంకో మూడు శాతం దాకా పోతుంది. చెక్కు రాస్తే అది మిగులుతుంది, కానీ చెక్కు మీద స్పాన్సర్ పేరు రాసి, మెమోలో బృందం పేరు రాయాలి.

మా ఆఫీసులో మ్యాచింగ్ ఉంది. మనం ఎంత ఇస్తే కంపెనీ అంత ఇస్తుంది, క్యాలెండర్ ఏడాదికి ఒక పరిమితి దాకా. 2025 కోటా ఇంకా మిగిలే ఉంది. ఇక్కడే చిన్న లెక్క వేసుకోవాల్సి వచ్చింది. మేం అద్దె ఇంట్లో ఉంటాం, ఖర్చులూ విరాళాలూ విడివిడిగా చూపించకుండా ఒకే మొత్తంగా తగ్గించుకునే స్టాండర్డ్ డిడక్షనే తీసుకుంటాం. 2025కి అది భార్యాభర్తలకి 31,500 డాలర్లు. అంటే ఆ ఏడాది ఇచ్చిన విరాళానికి ఫెడరల్ పన్నులో పైసా కలిసిరాదు. 2026 నుంచి రూలు మారింది. స్టాండర్డ్ డిడక్షన్ తీసుకున్నా విడిగా ఉన్నవాళ్ళు 1,000, జంటగా ఫైల్ చేసేవాళ్ళు 2,000 డాలర్ల దాకా నగదు విరాళాన్ని పన్ను పడే ఆదాయంలోంచి తగ్గించుకోవచ్చు. "జనవరి దాకా ఆగు" అన్నారు మావారు. మా శ్లాబు 22 శాతం, ఆగితే మాకు మిగిలేది 110 డాలర్లు. ఆగకుండా ఇస్తే, లేకపోతే వృథాగా పోయే 2025 కోటాలోంచి బృందానికి ఇంకో 500. డిసెంబర్లోనే ఇచ్చేశాను.

బృందం డైరెక్టర్ సంతోషించి రెండు టికెట్లు పంపుతానంది. వద్దని చెప్పి కొనుక్కున్నాను. మొహమాటం కాదు, 250 డాలర్లు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఇచ్చిన విరాళానికి వచ్చే రసీదులో "ప్రతిగా వస్తువు గానీ సేవ గానీ ఇవ్వలేదు" అన్న ముక్క ఉండాలి. టికెట్లు తీసుకుంటే వాటి విలువ విరాళంలోంచి కొట్టేస్తారు, మా కంపెనీ అయితే ఆ మేరకు మ్యాచ్ కూడా చెయ్యదు.

అసలు తలనొప్పి మ్యాచింగ్ పోర్టల్‌తో వచ్చింది. అందులోనూ బృందం పేరు లేదు, స్పాన్సర్ పేరే ఉంది. దాన్ని ఎంచుకుని, కామెంట్ బాక్సులో ఫలానా బృందానికి అని రాసి, రసీదు అప్‌లోడ్ చేశాను. అప్రూవ్ అయింది. ఫిబ్రవరిలో డైరెక్టర్‌ని అడిగితే, నా ఐదు వందలు అందాయి గానీ కంపెనీవి రాలేదంది. పోర్టల్ వాళ్ళని అడిగితే ఎప్పుడో పంపించేశామన్నారు. స్పాన్సర్‌ని అడిగితే ఏమో, కనుక్కుంటామన్నారు. నాకు టెన్షన్, ఆమెకి మారింబా అద్దె గడువు. చివరికి తేలింది ఏమిటంటే, పోర్టల్ చాలా కంపెనీల డబ్బు కలిపి ఒకే మొత్తంగా పంపుతుంది, నేను రాసిన కామెంటు దాంతో వెళ్ళలేదు. డబ్బు స్పాన్సర్ జనరల్ ఖాతాలో దిక్కూ మొక్కూ లేకుండా పడుంది. విరాళం తేదీ, మొత్తం, మ్యాచ్ కన్ఫర్మేషన్ నంబరు, చెల్లింపు తేదీ, బృందం పేరు, అన్నీ ఒకే ఈమెయిల్లో పెట్టి, డైరెక్టర్‌ని కాపీలో ఉంచి స్పాన్సర్‌కి పంపాను. ఆ వారమే బృందం లెక్కలోకి మార్చారు.

కచేరీ రికార్డింగ్ నాన్నగారికి పంపితే, "బాగానే ఉందమ్మా, తాళం ఏదీ?" అన్నారు. ఐదూ ఏడూ మారుతూ ఉంటుందని అమ్మాయి ఫోన్లో చేత్తో వేసి చూపించింది. ఖండం, మిశ్రం అన్నమాట అని ఆయన కూడా వెయ్యబోయి, మూడో నిమిషంలో వదిలేశారు.

ఈ ఏడాది నుంచి నెలకి నలభై డాలర్లు దానంతటదే కట్ అయ్యేలా పెట్టాను. మ్యాచింగ్‌కి ఏడాది చివర అన్నీ కలిపి ఒకేసారి అప్లై చేస్తాను. స్పాన్సర్‌కి రాసిన ఆ ఈమెయిల్‌ని తేదీలు ఖాళీగా వదిలి డ్రాఫ్టుల్లో ఉంచాను, ఈసారి అప్రూవ్ అయిన రోజే పంపేస్తాను.